పర్ఫెక్ట్ అని రాసి బంతిని పక్కకి పంపితే ఎలా?

ఆన్‌లైన్ గోల్ఫ్ ఆడేవాళ్ల ఏ గ్రూపులోకి తొంగిచూసినా ఒకటే గోల. "మీటర్‌ని సరిగ్గా గీత మీదే ఆపాను, స్క్రీన్ మీద పర్ఫెక్ట్ అని కూడా పడింది, బంతి చూస్తే జెండాకి ఎడమన ఇసక గుంటలో, అదే బంకర్‌లో కూర్చుంది." కింద ఒకరు "నెట్ మార్చు బ్రో" అంటారు. ఇంకొకరు "ఫోన్ మార్చు" అంటారు. మూడో ఆయన తీరిగ్గా వచ్చి "డబ్బులు పెట్టి మంచి బంతి కొనుక్కో, మీటర్ నిదానంగా నడుస్తుంది" అంటాడు. నాకు ఒళ్లు మండేది ఆ మూడో సలహాకే. తప్పు సలహా అని కాదు, నూటికి నూరుపాళ్లు పనిచేసే సలహా కాబట్టి.

ఈ ఆటల జోలికి రానివాళ్ల కోసం రెండు ముక్కలు. చాలా గోల్ఫ్ గేముల్లో షాట్ అంటే మీటర్ ఆటే, అంటే స్క్రీన్ మీద కదిలే గుర్తుని సరిగ్గా గీత దగ్గర పట్టుకోవడమే. ఒకసారి నొక్కితే స్వింగ్ మొదలవుతుంది, రెండోసారి నొక్కితే బలం ఖాయమవుతుంది, మూడో నొక్కుడు బంతికి క్లబ్, అంటే కొట్టే కర్ర, తగిలే క్షణం. గీతకి ముందు నొక్కితే బంతి ఒక పక్కకి, ఆలస్యమైతే రెండో పక్కకి. 1984లో నింటెండో తెచ్చిన 'గోల్ఫ్' గేమ్‌లోనే ఈ మీటర్ ఉంది. దానికి ప్రోగ్రామ్ రాసింది సతోరు ఇవాటా, తర్వాత ఆ కంపెనీకే అధ్యక్షుడయ్యాడు. అప్పటి నుంచి రూపాలు మారాయి. 'గోల్ఫ్ క్లాష్'లో బంతిని వేలితో వెనక్కి లాగి, ఊగే ముల్లు మధ్యకి వచ్చినప్పుడు వదలాలి. 'పీజీఏ టూర్ 2కే' గేముల్లో కంట్రోలర్ స్టిక్‌ని వెనక్కి లాగి ముందుకి తోయాలి, ఆ తోసే వేగం, దారి రెండూ చూస్తుంది. ఎలా ఆడించినా పరీక్ష ఒక్కటే: సరైన క్షణాన్ని పట్టుకున్నావా లేదా.

ఇప్పుడు అసలు గొడవ. క్షణాన్ని పట్టుకున్నాక కూడా బంతి కాస్త పక్కకి పోవచ్చా? పోవచ్చు అంటాను నేను. గ్రూపుల్లో నన్ను తిట్టేది ఈ మాటకే.

నిజం గోల్ఫ్ చూడండి. మనలో చాలామందికి గోల్ఫ్ అంటే ఫోనే అనుకోండి. గోల్కొండ దగ్గర కోర్సు ఉంది, విశాఖలో ఈస్ట్ పాయింట్ ఉంది, గేటు బయట నుంచి చూసి వెళ్లిపోతాం. అయినా లెక్కలు చూడ్డానికి మెంబర్‌షిప్ అక్కర్లేదు కదా. క్లబ్ బంతిని తాకి ఉండేది సెకనులో రెండువేల వంతు, అంటే అర మిల్లీసెకను. ఆ కాసేపట్లో బంతి బయల్దేరే దిశ ఒక్క డిగ్రీ తప్పితే 150 గజాల దగ్గర పడేసరికి దాదాపు 8 అడుగులు పక్కకి పోతుంది, 250 గజాల దగ్గర 13 అడుగులు. అమెరికా టూర్‌లో ఆడే ప్రొఫెషనల్స్ కూడా ఫెయిర్‌వే మీద, అంటే గడ్డి కత్తిరించిన మంచి దారి మీద, 150 గజాల నుంచి కొడితే సగటున జెండాకి ఇరవై పైచిలుకు అడుగుల దూరంలో పడుతుంది. మూడడుగుల్లో పడ్డవాటినే హైలైట్స్‌లో చూపిస్తారు కాబట్టి అందరూ రోజూ అలాగే కొడతారని మనం అనుకుంటాం. వాళ్లకే చెదిరే బంతి మనకి మాత్రం గీత గీసినట్టు వెళ్లాలా?

డబ్ల్యూజీటీ (వరల్డ్ గోల్ఫ్ టూర్) అనే గేమ్ ఆడే పాతకాపులకి ఈ చెదురు బాగా తెలుసు. గీత మీద సరిగ్గా కొట్టడాన్ని వాళ్లు డింగ్ అంటారు. డింగ్ కొట్టినా బంతి అటూ ఇటూ పోవడానికి 'వెమ్' అని పేరు పెట్టుకున్నారు, వేరియబుల్ ఎర్రర్ మార్జిన్‌కి పొట్టి పేరు. గోల్ఫ్ క్లాష్ దారి వేరు. అక్కడ పర్ఫెక్ట్ పడితే బంతి గురి పెట్టిన దారిలోనే పోతుంది, మిగిలేది గాలి. దాంతో ఏమైంది? ఆడేవాళ్లు గాలి వేగాన్ని క్లబ్ ఆక్యురసీతో లెక్కగట్టి, గురి వలయాల్లో ఎన్ని రింగులు జరపాలో పట్టికలు తయారుచేసుకున్నారు. పక్కన కాల్‌క్యులేటర్ పెట్టుకుని ఆడేవాళ్లున్నారు. అది తప్పని అనను. కానీ నాకు గోల్ఫ్ ఆడినట్టు ఉండదు, ఎంసెట్‌కి కూర్చున్నట్టు ఉంటుంది. కొంచెం చెదురుంటేనే జెండా మీదకి నేరుగా కొట్టాలా, బంకర్‌కి దూరంగా గ్రీన్ (జెండా చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మధ్యకి కొట్టాలా అని ఆలోచిస్తాం. ఆ ఆలోచనే గోల్ఫ్.

అయితే చెదురు ఉండాలనడం వేరు, దాన్ని దాచిపెట్టడం వేరు. ఈ క్లబ్‌తో, ఈ దూరం నుంచి, డింగ్ కొట్టినా బంతి ఇంత వృత్తంలో ఎక్కడైనా పడొచ్చు అని షాట్‌కి ముందే నేల మీద గీసి చూపిస్తే ఎవరూ నోరెత్తరు. బంకర్ ఆ వృత్తంలోకి వస్తుంటే పక్కకి గురి పెట్టుకోవడం మన బాధ్యత. అది చూపించకుండా, షాట్ అయ్యాక పర్ఫెక్ట్ అని పెద్ద అక్షరాలతో వేసి, బంతిని ఇసకలో పడేస్తే మనిషికి తనని మోసం చేశారనే అనిపిస్తుంది. రైతు బజారులో కాటా ముల్లు కనిపిస్తున్నంతసేపూ బేరం ఆడుకోవచ్చు, ముల్లుకి గుడ్డ కప్పేస్తే ఇక మిగిలేది తగాదానే.

"నెట్ మార్చు బ్రో" వాళ్ల సంగతి కూడా చూద్దాం. సాధారణంగా మీటర్ నడిచేది మన ఫోన్‌లోనే, మనం నొక్కిన క్షణం లెక్కకి వచ్చేదీ అక్కడే. షాట్ ఫలితం అవతలి వాడికి చేరడానికి నెట్ కావాలి తప్ప గీత మీద నొక్కడానికి కాదు. అసలు దొంగ స్క్రీన్. 60 హెర్ట్జ్ స్క్రీన్ మీద బొమ్మ సెకనుకి 60 సార్లు మారుతుంది, అంటే ఒక్కో బొమ్మ నిలిచేది దాదాపు 16.7 మిల్లీసెకన్లు. 120 హెర్ట్జ్ అయితే 8.3. పర్ఫెక్ట్ గీత 60 హెర్ట్జ్‌లో రెండు బొమ్మల వెడల్పే ఉందనుకుంటే మన చేతికి దొరికే సమయం 33 మిల్లీసెకన్లు. కంటితో చూసి వేలు కదపడానికే మనిషికి 200 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. కాబట్టి ఇక్కడ ఎవరూ చూసి కొట్టరు. లయ పట్టుకుని, గీత ఎప్పుడొస్తుందో ముందే అంచనా వేసి కొడతారు.

అందుకే ఆలస్యం ఎప్పుడూ ఒకేలా ఉంటే పెద్ద నష్టం లేదు. టీవీలో గేమ్ మోడ్ పెట్టకుండా ఆడితే 50 మిల్లీసెకన్లు దాటి ఆలస్యం రావచ్చు, అయినా చెయ్యి దానికి అలవాటు పడుతుంది. మారుతూ ఉండే ఆలస్యానికి అలవాటు పడటం ఎవరి తరం కాదు. మే నెల మధ్యాహ్నం, కరెంటు పోయిన గదిలో, పవర్ బ్యాంక్‌తో ఛార్జింగ్ పెట్టి ఆడి చూడండి. ఫోన్ పెనంలా కాలుతుంది, ప్రాసెసర్ తన వేగం తగ్గించుకుంటుంది, మీటర్ నున్నగా కదలకుండా గెంతుతుంది. గీత దగ్గరే ఒక బొమ్మ ఎగిరిపోతే మన లయకి విలువ సున్నా. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌లో శబ్దం విని టైమింగ్ పట్టేవాళ్లకి ఇంకా కష్టం, శబ్దం వచ్చేసరికే గీత దాటిపోయి ఉంటుంది. పీజీఏ టూర్ 2కే21లో స్వింగ్ కాలిబ్రేషన్ అని ఒక ఆప్షన్ పెట్టారు. మన చేతి వేగానికి తగ్గట్టు గేమ్‌ని సర్దుకోవచ్చు. ఫోన్ గేమ్ చేసేవాళ్లకి ఇది అంత బ్రహ్మవిద్యా?

ఇక మూడో ఆయన దగ్గరికి వద్దాం. కొన్ని గేముల్లో ఖరీదైన బంతి వేస్తే మీటర్ నెమ్మదిస్తుంది. మీటర్ వేగం పావు వంతు తగ్గితే, గీత మీద మనకి దొరికే 30 మిల్లీసెకన్లు 40 అవుతాయి. వినడానికి చిన్నదే. కానీ లయ మీద కొట్టే ఆటలో ఆ పదే డింగ్‌కీ బంకర్‌కీ మధ్య దూరం. బంతిని ఎక్కువ దూరం పంపే డ్రైవర్ క్లబ్ అమ్మినా, గాలికి తట్టుకునే బంతి అమ్మినా సణుక్కుంటూ ఊరుకుంటాను, ఎందుకంటే దాన్ని సరిగ్గా కొట్టాల్సింది మళ్లీ మనమే. మీటర్ వేగం అమ్మడం అలాంటిది కాదు. ఆటలో పరీక్షిస్తున్న ఆ ఒక్క నైపుణ్యాన్నే కౌంటర్ మీద పెట్టి అమ్ముతున్నారు. పైగా ఎదురుగా ఆడేవాడి మీటర్ నాకంటే నిదానంగా నడుస్తోందో లేదో నాకు కనిపించదు. ఓడిపోయాక వాడు నాకంటే బాగా ఆడాడా, నాకంటే ఎక్కువ కట్టాడా అన్నది దేవుడికే తెలియాలి.

"నిజం గోల్ఫ్‌లో మాత్రం డబ్బున్నవాడికి మంచి క్లబ్బులు ఉండవా" అని అడిగేవాళ్లున్నారు. ఉంటాయి, కానీ హద్దులు కూడా ఉంటాయి. బ్యాగులో 14 క్లబ్బులకి మించి పెట్టకూడదు. డ్రైవర్ తల 460 ఘనపు సెంటీమీటర్లు దాటకూడదు. బంతి బరువు 45.93 గ్రాములకి మించకూడదు, వ్యాసం 42.67 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. గోల్ఫ్ నియమాలు రాసే సంస్థలు, అమెరికాలో యూఎస్‌జీఏ, బ్రిటన్‌లో ఆర్ అండ్ ఏ, కూర్చుని ఇవన్నీ కొలుస్తాయి. ఎంత కోటీశ్వరుడైనా బంతిని క్లబ్ మీద ఇంకాసేపు నిలబెట్టే వీలు మాత్రం కొనుక్కోలేడు. ఫోన్‌లో అది దొరుకుతోంది, అదీ నా గోల. ఒకే మ్యాచ్‌లో ఆడే ఇద్దరికీ మీటర్ వేగం ఒకటే ఉంచమంటే అదేదో గొంతెమ్మ కోరిక అన్నట్టు మాట్లాడతారు.

"మరి కంపెనీ బతకద్దా" అని చివరి ప్రశ్న వస్తుంది, వచ్చి తీరుతుంది. గోల్ఫ్ క్లాష్ తయారుచేసిన ప్లేడెమిక్‌ని 2021లో ఈఏ అనే పెద్ద గేముల కంపెనీ 140 కోట్ల డాలర్లకి కొనుక్కుంది. ఈ వ్యాపారంలో ఎవరూ పస్తులుండటం లేదు. టోపీలు అమ్మండి, చొక్కాలు అమ్మండి, బంతి వెనకాల వచ్చే పొగ రంగులు మార్చి అమ్మండి. నేనే కొంటాను, ముదురు పసుపు రంగుది ఉంటే ముందు నాకే చెప్పండి.