ఈ బెల్టుకు ఒక మనిషి కావలెను

ఈ మధ్య మా బంధువర్గంలో ఒక బెల్టు వెలసింది. వెలసింది అనే అనాలి, కొన్నాడు అంటే దాన్ని చిన్నబుచ్చినట్టవుతుంది. ఖరీదు 42 వేలు. అరచేతిలో సగం ఉండే బకిల్, దాని మీద రెండు ఇంగ్లీషు అక్షరాలు. ఆ రెండూ మా ఇంటిపేరులో లేవు, వాడి పేరులో లేవు, వాడు చేసుకోబోయే పిల్ల పేరులోనూ లేవు. దీన్ని మోసే భాగ్యం మా మేనల్లుడికి దక్కింది. వాడికి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. జీతం బాగానే వస్తుంది, ఈఎంఐలు అంతకన్నా బాగా వస్తాయి.

బెల్టు మీద నాకు వ్యక్తిగతంగా ఏ ద్వేషమూ లేదు. నడుము ఉన్న ప్రతి పౌరుడికీ బెల్టు పెట్టుకునే హక్కు ఉంది. కానీ ప్యాంటు జారకుండా పట్టుకోవడం ఈ బెల్టు డ్యూటీ కాదట. ఆ చాకిరీకి అనంతపురం టవర్ క్లాక్ దగ్గర తోపుడుబండి మీద 180 రూపాయలకు దొరికేది చాలట. దీని డ్యూటీ కనపడటం. కనపడాలంటే చొక్కా దోపుకోవాలి. మొత్తం దోపుకుంటే ఎల్ఐసీ ఏజెంటులా ఉంటుందట, కాబట్టి ముందు వైపు, సరిగ్గా బకిల్ వెడల్పు మేర మాత్రం లోపలికి దోపి, మిగతా మూడు వైపులా గాలికి వదిలేయాలి. మేము చిన్నప్పుడు అలా స్కూలుకు పోతే డ్రిల్లు సారు వీపు విమానం మోత మోగించేవాడు. ఆయన ఫ్యాషన్ కంటే ముందు పుట్టేశాడు, ఏం చేస్తాం.

మొన్న వైశాఖంలో ధర్మవరంలో పెళ్లి. మా బావగారి తమ్ముడి కూతురిది. ఎండ నెత్తిన నిప్పులు పోస్తోంది, కల్యాణ మండపంలో ఏసీ ఉందని చెప్పారుగానీ ఏసీకి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. మావాడు దిగాడు. అయితే ఒక సాంకేతిక సమస్య వచ్చిపడింది. ఆ రోజు వేసుకున్న చొక్కా జారుడు గుడ్డ. ముందు దోపిన ముక్క రెండడుగులు వేయగానే బయటికి వచ్చేస్తోంది, వచ్చి బకిల్ మీద తెరలా పడుతోంది. తెర పడితే 42 వేలు గల్లంతు. దాంతో మావాడు ఎడమచేత్తో చొక్కా ముందు అంచు పట్టుకుని, పొట్ట దగ్గర ఎత్తిపెట్టి, అలాగే నిలబడ్డాడు. అలాగే నమస్కారాలు పెట్టాడు, అదీ ఒంటిచేత్తోనే. తాళి కట్టే వేళ అందరూ రెండు చేతులా అక్షింతలు వేస్తుంటే వాడు కుడిచేత్తో వేసి, ఎడమచేతిని పోస్టు వదిలి కదలనివ్వలేదు.

పెళ్లికూతురి తాత ఇదంతా చాలాసేపటి నుంచి చూస్తున్నాడు. ముప్పై ఏళ్లు పిండి మిషన్ నడిపిన మనిషి, ఎవరికి ఏం కావాలో కళ్లతోనే కొలుస్తాడు.

"ఏం నాయనా, కడుపు నొస్తాందా?"

"లేదు తాతా."

"మరి అట్ల పట్టుకున్నావే. పొద్దున ఏం తిన్నావు?"

"ఏం లేదు తాతా, ఊరికే."

"ఊరికే ఎవురన్నా కడుపు పట్టుకుంటారా? రేయ్, వంటోళ్లనడిగి ఇంత వాము తీసుకురాపోండ్రా!"

వాము వచ్చింది. పెద్దాయన చేత్తో పెడితే కాదనలేడు కదా, నమిలాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు చూసి, నొప్పి బాగా ముదిరిందని అక్కడున్న ఆడవాళ్లంతా ఖాయం చేసుకున్నారు. ఒకావిడ జీలకర్ర సోడా తెప్పించింది. ఇంకొకావిడ, తన ఆడబిడ్డ కొడుక్కి కూడా ఇట్లనే మొదలైందనీ, తీరా చూస్తే అపెండిసైటిస్ అనీ, పులివెందుల నుంచి కారులో కర్నూలుకు తీసుకుపోయేసరికి ప్రాణం కళ్లలోకి వచ్చిందనీ వివరంగా చెప్పడం మొదలుపెట్టింది. ఎవరో అప్పటికే ఆర్ఎంపీ డాక్టరుకు ఫోన్ కొట్టారు. మధ్యలో ఫొటోగ్రాఫర్: "అన్నా, చెయ్యి తియ్యన్నా, ఫొటో బాగ రాదు." తీశాడు. తెర పడింది. మళ్లీ ఎత్తాడు. "అయ్యో, మళ్లా నొప్పి లేసినట్టుంది" అన్నారు వెనక వరుసలో.

చివరికి, ఆర్ఎంపీ బ్యాగు తెరుస్తుండగా, మావాడు నోరు విప్పాడు.

"తాతా, బెల్టు."

"బిగుతయిందా? ఒక బొక్క వదులు చేసుకోప్పా, దానికింత అవస్థ ఏల?"

"కాదు తాతా. బ్రాండు. నలభై రెండు వేలు."

తాత బకిల్ వైపు వంగి, కళ్లజోడు సర్దుకుని, చాలాసేపు చూశాడు. తర్వాత ఎంతో మర్యాదగా, ఒక మిషన్ మనిషి ఇంకో మిషన్ మనిషిని అడిగినట్టు అడిగాడు: "ఎన్ని హార్స్‌పవర్ లాగుతాదప్పా ఇది?"

సరే. ఇప్పుడు అసలు సంగతి. హైవే పక్క ఊళ్లలో ఇంటి గోడ మీద సిమెంటు కంపెనీవాళ్లు బొమ్మ వేసుకోవాలంటే ఏం చేస్తారు? ఇంటాయనను అడుగుతారు. గోడకు సున్నం వాళ్లే కొట్టిస్తారు, రంగు వాళ్లదే, కూలీ వాళ్లదే. మనిషి ఛాతీ మీద బొమ్మ వేసుకోవాలంటే మాత్రం మనమే మాల్‌కు పోయి, క్యూలో నిలబడి, కార్డు గీకి, పైగా బిల్లుతోపాటు ఇచ్చిన కాగితం సంచిని కూడా మడిచి బీరువాలో దాచుకుంటాం. ఒక మట్టి గోడకు తెలిసిన బేరం డిగ్రీ చదివిన మనిషికి తెలియలేదు.

మొసలి బొమ్మనే తీసుకోండి. రెనే లాకోస్ట్ అని ఫ్రాన్స్ టెన్నిస్ ఆటగాడు, అభిమానులు ఆయన్ని మొసలి అని పిలిచేవారు, ఆయన ముచ్చటపడి తన కోటు మీద మొసలి కుట్టించుకున్నాడు, 1933లో ఆ బొమ్మతో చొక్కాల వ్యాపారం పెట్టాడు. బాగుంది. ఆయన ముద్దుపేరు, ఆయన కోటు. మన అనంతపురం సప్తగిరి సర్కిల్‌లో బజ్జీలు తింటూ నిలబడిన కుర్రాడిని ఎవరు మొసలి అన్నారని ఆ చొక్కా?

ఇంకా ముదిరితే ఏమవుతుందో కూడా లోకం చూసింది. 2022లో బలెన్సియాగా అనే ఖరీదైన ఫ్యాషన్ కంపెనీ చెత్తసంచి ఆకారంలో ఒక తోలు సంచి తెచ్చింది, మూతికి తాడుతో సహా, రేటు 1,790 డాలర్లు, మన లెక్కలో లక్షా నలభై వేల చుట్టూ. అదే ఏడాది చిరిగి, మాసి, బూడిదలో పొర్లినట్టున్న బూట్లు కొన్ని జతలు 1,850 డాలర్లకు పెట్టింది. నేనేమీ కల్పించడం లేదు. నా ఊహాశక్తికి అంత స్థోమత లేదు.

ఇక్కడ ఫస్ట్ కాపీ, అంటే అచ్చం అసలులా ఉండే నకిలీ సరుకు, కొనే వీరుల గురించి ఒక మాట. అవే రెండక్షరాలు 600 రూపాయలకు కొనుక్కునేవాళ్లను మావాడు నీచంగా చూస్తాడు. నాకైతే వాళ్ల మీదే కాస్త గౌరవం. హోర్డింగ్ కావడం ఎలాగూ తప్పనప్పుడు, తక్కువలో అయ్యారు.

మరి స్టైల్ అంటే ఏందయ్యా అని మావాడు నన్ను నిలదీశాడు. నా చొక్కా వైపు చూసి నవ్వుతూ అడిగాడు, అందుకే చెబుతున్నా. మార్కెట్ యార్డులో ఒక వేరుశనగ వ్యాపారి ఉన్నాడు. తెల్ల పంచె, లేత నీలం ఫుల్ చొక్కా, చేతులు మోచేతి కిందికి రెండే రెండు మడతలు, భుజాన పలచటి తువ్వాలు. ఏళ్ల తరబడి అంతే. వీధి చివర నుంచి వస్తుంటే ముఖం ఆనకముందే ఆయనేనని తెలిసిపోతుంది. ఎండకు కాటన్, చెమటకు తువ్వాలు, పొట్టకు సరిపడా వదులు, అన్నీ ఆలోచించుకునే కట్టాడు. 2003లో వైఎస్ రాజశేఖరరెడ్డి చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా నడిస్తే, ఆ పంచెకట్టు రాష్ట్రమంతా చూసింది. ఆయన రాజకీయం నచ్చినవాళ్లూ నచ్చనివాళ్లూ ఉంటారు, ఆ పంచె ఏ కంపెనీది అని అడిగినవాడిని మాత్రం నేను చూడలేదు. ఇక మా జిల్లాలో ఏడాదంతా కురిసే వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది, మావాడు ఎనిమిది వేలు పెట్టి రెయిన్ జాకెట్ కొన్నాడు. దాని మీద ఒక పర్వతం బొమ్మ ఉంది.

జీన్స్ కథ అయితే మరీ. 1870ల్లో అమెరికాలో జేకబ్ డేవిస్ అనే దర్జీ కూలిమనుషుల ప్యాంట్ల జేబులు ఊరికే చిరిగిపోతున్నాయని రాగి రివెట్లు కొట్టాడు. పేటెంటుకు డబ్బుల్లేక, తనకు గుడ్డ అమ్మే వ్యాపారికి ఉత్తరం రాశాడు. ఆ వ్యాపారి లెవీ స్ట్రాస్. 1873లో ఇద్దరికీ కలిపి పేటెంట్ వచ్చింది. ప్యాంటు మీద ఎవరి పేరు మిగిలిందో మీకు తెలుసు. చిరగకూడదని కనిపెట్టిన ఆ ప్యాంటును ఇప్పుడు మోకాళ్ల దగ్గర చింపి, చింపినందుకు ఎక్కువ తీసుకుంటున్నారు. మన రాయదుర్గంలో జీన్స్ కుట్టేవాళ్లకు పీసు లెక్కన కూలీ. లేబుల్ పడేదాకా అది ఉత్త ప్యాంటు, పడ్డాక దాని దగ్గర మనం గొంతు పెంచి మాట్లాడం.

నవ్వులాట ఇంతవరకే. ఇదే పెళ్లికి, ఇదే కుటుంబం, అంటే మా అక్క, ధర్మవరంలో ఒక నేతగాడి ఇంటికి చీర కొనడానికి పోయింది. నేనూ పోయాను. ముందు గదిలో మగ్గం గుంత, అందులో కాళ్లు పెట్టి ఆయన, పైన డిజైన్ దించే జాకార్డు అట్టలు టకటకమంటూ తిరుగుతున్నాయి, పక్కన గోడకు ఆనుకుని ఆయన భార్య కండెలు చుడుతోంది. ఆమె పనికి కూలీ ఎక్కడా లెక్కలో ఉండదు, పిల్లలు అందించే పనికి అసలే ఉండదు. వారం పది రోజులు ఇల్లిల్లంతా కూర్చుంటే ఒక చీర దిగుతుంది. ఆయన 22 వేలు చెప్పాడు. ఆ ఇల్లాలు లేచి మజ్జిగ ఇచ్చింది. మా అక్క మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి, బేరం మొదలుపెట్టింది. రెండు వేలు తగ్గించమంది. జరీ పలచగా ఉందంది. పవర్‌లూమ్‌ది ఇందులో మూడోవంతుకు వస్తుందంది. లేచి గుమ్మం దాకా నడిచింది. ఆయన వెనక్కి పిలిచాడు, వెయ్యీ ఐదొందలు తగ్గించాడు, మా అక్క కారెక్కి గెలిచానంది.

అదే అక్క నెల ముందు బెంగళూరు మాల్‌లో కొడుకు పక్కన నిలబడింది. గుడిలోకి పోతున్నట్టు చెప్పులు విప్పబోయింది కూడా. అక్కడి పిల్ల చిన్న సీసాలో నీళ్లు ఇస్తే థాంక్యూ అంది. 42 వేలు అంటే నోరు మెదపలేదు. తోలు పలచగా ఉంది అనలేదు. గుమ్మం దాకా నడవలేదు.

సిగ్గుండాలి మనకు. అక్క ఇది చదువుతుందని తెలుసు, చదవనీ. మిషను గుద్దిన రెండక్షరాల ముందు చేతులు కట్టుకుని నిలబడతాం, చేత్తో నేసినవాడి నోటి దగ్గర ముద్ద పీక్కుని తెలివైన బేరం అంటాం. 2017-18లో బర్‌బెర్రీ అనే బ్రిటిష్ ఫ్యాషన్ కంపెనీ అమ్ముడుపోని 2.86 కోట్ల పౌండ్ల సరుకును నాశనం చేసింది, చవగ్గా ఎవరి ఒంటి మీదా పడకూడదని. గోల లేచాక ఇక ఆపేస్తామంది. తగలబెట్టుకునేంత లాభం ఉంది వాళ్లకు. ధర్మవరంలో అమ్ముడుపోని చీర షావుకారు దగ్గర తాకట్టుకు పోతుంది. కొన్ని రకాలు చేనేతకే వదిలేయాలని 1985లో చట్టం చేశారు. చట్టం ఉంది. పక్క వీధిలో పవర్‌లూమూ ఉంది, అదే డిజైన్ దించుతోంది, ధర్మవరం అనే పేరుతోనే షోరూముల్లో వేలాడుతోంది. ధర్మవరం చీర అంటే ధర్మవరంలో నేసిందే అని చెప్పే జీఐ గుర్తింపు కాగితం ఏ గోడకు వేలాడుతోందో నాకు తెలియదు. అప్పులకు ఉరేసుకున్న నేతగాళ్ల వార్తలు ఏళ్లుగా జిల్లా పేజీలో చదివి, పేజీ తిప్పి, సేల్ ప్రకటన చూసేది మనమే కదా. 2025 జూన్‌లో మిలాన్‌లో ప్రాడా అనే ఇటలీ ఫ్యాషన్ కంపెనీ మన కొల్హాపురీ చెప్పులలాంటివి నడిపిస్తే, పేరు చెప్పలేదని దేశమంతా ఊగిపోయింది. ఊగాల్సిందే, వాళ్లు తర్వాత ఒప్పుకున్నారు కూడా. ఇంతకీ ఆ చీర నేసినాయన పేరు మా అక్కకు తెలుసా? పెళ్లిలో అడిగినవాళ్లందరికీ రేటు మాత్రం చెప్పింది, అదీ తగ్గించక ముందుది.

కోపం తగ్గించుకోవడానికి పాతూరులో మా టైలర్ దగ్గరికి పోయాను. ఆది చొక్కా ఇచ్చాను. ఆయన చూసి, "పోయినసారికంటే ఒక ఇంచి పెరిగినావు సార్" అన్నాడు. ఏ డిజైనరూ నా గురించి ఇంత పట్టించుకోలేదు. జేబు మీద ఏదో ఒక జంతువు లేకపోతే మా ఇంట్లో మర్యాద దక్కేటట్టు లేదని చెబితే, పక్క కొట్టులో ఎంబ్రాయిడరీ కుర్రాడి దగ్గరికి పంపాడు.

"మొసలి ఉంది, గుర్రం ఉంది సార్. ఏదైనా నూటిరవై."

"గొర్రె ఉందా?"

వాడు ఒక నిమిషం ఆలోచించాడు. "ఇంతవరకు ఎవురూ అడగలేదు సార్. ఫొటో తెస్తే కొట్టిస్తా. ఉన్ని ఎక్కువుండేది తేవద్దు, దారం ఎగస్ట్రా అవుతాది."