శ్రీ నల్ల టేపు గారికి

హైదరాబాద్,
ఎండలు ముదిరిన ఒక ఆదివారం

అయ్యా,

మీకు నేను గుర్తుండకపోవచ్చు. నా వేళ్ళు మాత్రం మిమ్మల్ని మరిచిపోయే స్థితిలో లేవు. ఇరవై రెండు రోజులుగా వాటికి మీ జిగురే. పెరుగన్నం కలుపుకుంటే మెతుకులు చేతిని వదలడం లేదు. మా ఆవిడ జాలిపడి చెంచా ఇచ్చింది. చెంచా కూడా వదల్లేదు.

మీకూ నాకూ ఉన్న బంధుత్వం ముందు చెప్పాలి. మా సెల్లార్‌లో ఒక ఎంజీబీ ఉంది, ఎంజీ అనే బ్రిటిష్ కంపెనీ వాళ్ళ పాత స్పోర్ట్స్ కారు. 1965 మోడల్, రెండే సీట్లు, మడిచి పెట్టుకునే టాపు, 1798 సీసీ ఇంజను. ముందున్న ఎంజీ గుర్తు చూసి మా వాచ్‌మన్ "హెక్టర్ కదా సార్, గింత చిన్నగున్నదేంది?" అని అడిగాడు. ఇప్పుడు రోడ్ల మీద తిరిగే ఆ పెద్ద ఎంజీ హెక్టర్‌కి ఇది తాత అని చెప్పాను. "అందుకే పండుకున్నది" అని తలూపి వెళ్ళిపోయాడు.

దీన్ని మా పెదనాన్న తెచ్చాడు. బర్మింగ్‌హామ్‌లో ఉద్యోగం చేసి, 1971లో తిరిగొస్తూ ఓడలో బొంబాయి దాకా తెచ్చి, అక్కడి నుంచి నడుపుకుంటూ వచ్చాడు. పెద్దమ్మ నర్సు. ఆవిడ నైట్ డ్యూటీకి వెళ్ళాలంటే కొంగు తలకి గట్టిగా చుట్టుకుని ఇందులోనే వెళ్ళేదట. వాళ్ళ తరం అయిపోయింది. పంపకాల్లో పొలం పెద్దన్నయ్యకి, ఇల్లు చిన్నన్నయ్యకి, కారు నాకు వచ్చాయి. అదృష్టమంటే నాదేనన్నారు అందరూ. అన్నవాళ్ళలో ఒక్కరూ బానెట్ ఎత్తి చూడలేదు.

మొదట్లో మీరు ఇంత మంది ఉన్నారని తెలియదు. స్టీరింగ్ మీద చూసి, చక్రం పగిలిందేమో, పట్టు కోసం చుట్టారులే అనుకున్నాను. తర్వాత డ్రైవర్ సీటు చిరుగు మీద కనిపించారు. డోరు హ్యాండిల్ మీద, టాపుకున్న ప్లాస్టిక్ కిటికీ మీద, వెనక అద్దం కాడకీ మీరే. డాష్‌బోర్డు ఈ మోడల్‌లో ఇనుప రేకు. దాని మీద ముడతలు పడినట్టుండే నల్ల పెయింటు ఉంటుంది, చూడ్డానికి చాలా బాగుంటుంది. ఆ ముడతల్లో మీరు కలిసిపోయి, ఏది పెయింటో ఏది మీరో తెలియకుండా ఉన్నారు. గోడ మీద బల్లికి కూడా ఇంత తెలివి లేదు.

సీటు విప్పడం ఒక తవ్వకం. పైన టర్కీ టవలు. దాని కింద మెరూన్ రెగ్జిన్, ఎవరో పెళ్ళికారుకి కుట్టినట్టు బంగారు రంగు పైపింగుతో. దాని కింద మీరు, అడ్డంగా నాలుగు పట్టీలు. మీ కింద అసలు తోలు. నిలువు గీతల కుట్టు, ఎరుపు. స్పాంజి ఉండాల్సిన చోట కొబ్బరి పీచు. దాన్ని మోయాల్సిన రబ్బరు పట్టీలు తెగిపోతే వాటి స్థానంలోనూ మీరే, జడలా అల్లుకుని! మా పెదనాన్న వంద కిలోలకి తక్కువ ఉండడు. అంత మనిషిని మీ భుజాల మీద మోశారంటే, కోపంలో ఉన్నా ఒక నమస్కారం పెట్టాను. తోలు మీంచి మిమ్మల్ని ఊడదీస్తే దాని రంగు కూడా మీతోపాటే లేచొచ్చింది. చివరికి నీలగిరి తైలం దూదితో అద్ది, పది నిమిషాలు నాననిచ్చి, వేలితో రుద్దితే వదిలారు. ఇంటికొచ్చినవాళ్ళు ఎవరికి జలుబు అని అడుగుతున్నారు.

ఇంతవరకూ సర్దుకుపోయేవాడినే. మనం తేల్చుకోవాల్సింది వైర్ల సంగతి.

పోయిన ఏడాది మే నెలలో, ఎండ నలభై దాటిన రోజున, పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద స్పీడోమీటరు వెనక నుంచి సన్నగా పొగ వచ్చింది. పక్కన ఆటో అతను తల బయటపెట్టి "అన్నా, బండి అగరబత్తి ముట్టించుకున్నది" అన్నాడు. ఇంజను ఆపాను, పొగ ఆగలేదు. బ్యాటరీ తీగ పీకాలి. ఈ కారుకి బ్యాటరీ బానెట్ కింద ఉండదు. ఆరు వోల్టులవి రెండు, సీట్ల వెనక, కార్పెట్ కింద, మూత కింద. ఆ మూత బిగింపులు తిప్పడానికి ఆటో అతనే స్క్రూడ్రైవర్ ఇచ్చాడు. రెండు పెట్టెల్లో ఒకటి ఖాళీ. ఎప్పుడో ఎవరో రెండు చిన్న బ్యాటరీలు తీసేసి పన్నెండు వోల్టుల పెద్దదాన్ని ఒకే పెట్టెలో కూర్చోబెట్టారు. ఖాళీ పెట్టెలో ఏముందో మీకు తెలుసు. మీరు అయిపోగా మిగిలిన అట్ట చక్రాలు, పదకొండు. దానవీరులు తమ శాసనాలు తామే వేయించుకున్నట్టు.

ఇలాంటి కార్ల కరెంటు చెడితే లోకమంతా తిట్టేది లూకాస్‌ని. బర్మింగ్‌హామ్ కంపెనీ. ఆ రోజుల బ్రిటిష్ కార్లకి దీపాలూ డైనమోలూ చాలావరకు వాళ్ళవే. 'చీకటి యువరాజు' అని దానికి పేరు పెట్టి నవ్వుకుంటారు. వెనకటికి సైకిళ్ళకి వాళ్ళు చేసిన దీపం పేరు 'కింగ్ ఆఫ్ ది రోడ్'. రాజుగా మొదలై యువరాజుగా దిగడం వాళ్ళకే చెల్లింది. మనకి పరాయివాళ్ళేం కాదు, 1961 నుంచి మద్రాసులో లూకాస్ టీవీఎస్ ఉండనే ఉంది. నేనూ పొగ చూడగానే ఆ యువరాజునే తిట్టాను. తిట్టు వెనక్కి తీసుకుంటున్నాను. ఎందుకంటే విప్పి చూశాను.

వాళ్ళ వైర్లకి ఒక పద్ధతి ఉందండీ. ఒంటి రంగు ఇంటిపేరు, దాని మీది సన్న గీత సొంత పేరు. గోధుమరంగు వాళ్ళు నేరుగా బ్యాటరీ నుంచి వస్తారు, తాళంచెవి పీకేసినా నిద్రపోరు. తెల్లవాళ్ళు తాళం తిప్పితే లేస్తారు. ఆకుపచ్చవాళ్ళు ఫ్యూజు దాటొచ్చినవాళ్ళు. ఎర్రవాళ్ళు చిన్న లైట్లు, నీలంవాళ్ళు హెడ్‌లైట్లు, నల్లవాళ్ళు ఎర్త్, అంటే కరెంటు దారిని బాడీ రేకుకి కలిపేవాళ్ళు. ఆకుపచ్చ మీద ఎర్ర గీతైతే ఎడమ ఇండికేటర్, తెల్ల గీతైతే కుడి, ఊదా గీతైతే బ్రేకు లైటు. పెళ్ళిచూపుల్లో కూడా ఇంత స్పష్టంగా వంశం చెప్పరు. లోపం లేదని కాదు. మొత్తం బండికి రెండే ఫ్యూజులు, హెడ్‌లైట్లకి అదీ లేదు. గోధుమరంగు వైరు ఎక్కడ ఇనుముకి తగిలినా ఆపే నాథుడు లేడు. అయినా వైరు ఒళ్ళు చెడకుండా ఉన్నంతకాలం అది తగలదు కదా.

మీరు తగిలించారు. ఆ గోధుమరంగు వైరుని ఎవరో మధ్యలో కోసి, లోపలి ఫ్యాన్ కోసమో దేనికోసమో ఒక కొమ్మ లాగి, రెండు మెలికలు తిప్పి, మిమ్మల్ని మూడు చుట్లు చుట్టి వెళ్ళిపోయారు. హైదరాబాద్ ఎండకి మీ జిగురు కరిగింది. మీరు మెల్లగా అంచు లేచి, పాత పోస్టర్‌లా వేలాడారు. రాగి బయటపడి బాడీ రేకుని ముద్దాడింది. ఆ లాగిన కొమ్మ ఏ రంగంటారు? ఆకుపచ్చ. అంటే ఆకుపచ్చ చూసి ఫ్యూజు ఉందిలే అని నమ్మినవాడి గతి అంతే. ఉన్న రెండు ఫ్యూజుల్లో ఒకదానికి సిగరెట్ పెట్టె వెండి కాగితం చుట్టి ఉంది, అది వేరే కథ.

రాణిగంజ్‌లో పార్టులు కొంటుంటే ఒకాయన ఒక ఎలక్ట్రీషియన్ భాయ్ పేరు చెప్పాడు. డెబ్బై దాటిన మనిషి, పాత కార్లంటే ప్రాణం. వచ్చి టార్చి వేసి డాష్‌బోర్డు కిందకి వెల్లకిలా దూరాడు. చాలాసేపు మాట లేదు. తర్వాత లోపలి నుంచే "సాబ్, యే గాడీ పెట్రోల్ పే నై, టేప్ పే చల్‌రీ" అన్నాడు. బయటికొచ్చి ఇంకో సంగతి చూపించాడు. 1967 దాకా వచ్చిన ఎంజీబీలకి బ్యాటరీ ప్లస్సు బాడీకి కలుస్తుంది, మనకి అలవాటైన కార్లకి తలకిందులుగా. ఎనభైల్లో ఎవరో దీనికి క్యాసెట్ ప్లేయర్ పెట్టారు. దాని డబ్బా మైనస్సు, కారు ఒళ్ళు ప్లస్సు. రెండూ తగిలితే షార్టు. ఆ మహానుభావుడు ఏం చేశాడంటే, ప్లేయర్‌ని పసిబిడ్డని గుడ్డలో చుట్టినట్టు మీతో అయిదు పొరలు చుట్టి లోపలికి తోశాడు. పాట వినడానికి టేపు, టేపు కాలకుండా టేపు. లోపల క్యాసెట్ కూడా అలాగే ఉంది. దాని టేపు బయటికొచ్చి మీతో చుట్టరికం కలుపుకుంది.

అన్నిటికీ మీదే తప్పంటే అన్యాయం. బ్రేకు తొక్కితే ముందు చిన్న లైట్లు వెలిగేవి, దానికి మీరు బాధ్యులు కారు. కారుకి రంగు వేసినవాళ్ళు వెనక దీపం ఎర్త్ స్క్రూ మీద కూడా ఉదారంగా రంగు కొట్టారు. వెళ్ళే దారి మూసుకుపోతే కరెంటు ఊరుకుంటుందా, ట్రాఫిక్‌లో మనవాళ్ళలాగే పక్క సందులోకి తిప్పుకుంది. గరుకు కాగితంతో రంగు గీకేసరికి అయిదు నిమిషాల్లో ఆ జబ్బు పోయింది. దాని కోసం ఇంతకుముందు ఎంతమంది ఎన్ని వైర్లు మార్చారో, మార్చినచోటల్లా మీరు సాక్షి.

కొత్త వైరింగ్ సెట్టు ఇంగ్లండ్ నుంచి తెప్పించాను. అవే రంగులు, అవే గీతలు, పైన నూలు అల్లిక. కస్టమ్స్ వాళ్ళకి కట్టింది మా ఆవిడకి చెప్పలేదు, ఈ లేఖ ఆవిడ చదవదన్న ధైర్యంతో రాస్తున్నాను. కోఠీ గుజరాతీ గల్లీలో హీట్ ష్రింక్ గొట్టాలు కొన్నాం. జాయింటు మీద తొడిగి వేడి చేస్తే ముడుచుకుని పట్టేస్తాయి, జిగురు కారడమన్న మాట లేదు. హెడ్‌లైట్లకి ఫ్యూజులూ రిలేలూ పెట్టాం. ఇంకో విషయం చెబితే బాధపడతారేమో. వైరింగ్ కట్టల మీద చుట్టడానికి మీ జాతిలోనే జిగురు లేని టేపు ఒకటి ఉంది. చుట్టి, చివర మాత్రం అంటిస్తారు. జిగురు లేకుండా కూడా బతకొచ్చని మీ బంధువొకరు నిరూపించారు.

ఈలోగా చట్టం కూడా చదివాను. 2021లో కేంద్రం పాత బండ్లకి నియమాలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటినదైతే ఇరవై వేలు కట్టి వింటేజ్‌గా రిజిస్టర్ చేసుకోవచ్చు, నంబరు ప్లేటు మీద వీఏ అని వస్తుంది. ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదు. మీ గురించి ఒక్క మాట లేదు, మీ పలుకుబడి అలాంటిది. రోజూ తిప్పకూడదు. ర్యాలీకి, ప్రదర్శనకి, పెట్రోలుకి, రిపేరుకి మాత్రం రోడ్డెక్కచ్చు. మా బండి రిపేరుకి తప్ప రోడ్డెక్కింది ఎప్పుడు కనుక? ఆ రూలు రాసినాయన మా సెల్లార్‌కి వచ్చి వెళ్ళాడేమోనని అనుమానం.

పాత సెట్టు బయటికి తీశాక మీ అందరినీ కోసి ఒక కవర్లో వేశాను. వంటింటి కాటాలో 640 గ్రాములు తూగారు. ఇన్నాళ్ళూ నేను తిట్టింది ఎవరినంటే, ఊరూ పేరూ లేని మెకానిక్కులని. పెదనాన్న చేతిలో ఉన్నంతకాలం కారు అద్దంలా ఉండేదని మా ఇంట్లో ఒక స్థలపురాణం ఉంది. ఆయన పోయాక పనివాళ్ళు పాడుచేశారని.

ఆఖరున హారన్ వైరు మిగిలింది. ఊదా మీద నల్ల గీత. దాని మీద మీరు అందరికన్నా లావుగా ఉన్నారు. ఒక్కో పొరా ఒలిచాం. పై పొర మెరుస్తోంది, మధ్యది బూడిద రంగు, ఆ కిందది చేతిలో పొడయింది. అన్నిటికన్నా లోపల మీరు లేరు. ఆసుపత్రి ప్లాస్టర్ ఉంది, తెల్ల గుడ్డది, పసుపెక్కింది. పెద్దమ్మ బ్యాగులోదే అయి ఉంటుంది. దాని మీద నీలం ఇంకుతో పెదనాన్న గుండ్రటి అక్షరాలు. 'హారన్. తాత్కాలికం. 1974.'

భాయ్ కటర్ పట్టుకుని నా మొహం చూశాడు. "రహ్నే దేతే క్యా?" అన్నాడు. ఉంచుదామా అని.

పాత వైరు నుంచి జాగ్రత్తగా ఒలిచి కొత్త వైరు మీద అంటించాను. అంటుకోలేదు. యాభై ఏళ్ళకి జిగురెక్కడిది. వేలితో నొక్కి పట్టుకుని భాయ్ వైపు చెయ్యి చాచాను. ఆయన ఏమీ అడగకుండా జేబులోంచి మిమ్మల్ని తీసి ఇచ్చాడు.

అక్షరాలు కనబడేలా, రెండు కొసల్లో ఒక్కొక్క చుట్టు.

ఇట్లు,
జిగురు వేళ్ళవాడు