ఫ్లెక్సీ కట్టాం, చెవి మాత్రం ఒగ్గలేదు

ఏప్రిల్ 12 వచ్చిందంటే వాట్సాప్ గ్రూపుల నిండా గగారిన్ ఫొటోలే. అంతరిక్షంలోకి వెళ్లిన మొదటి మనిషి ఆయన, 1961లో ఆ రోజునే 108 నిమిషాల్లో భూమి చుట్టేసి దిగాడు, కాదనను. కానీ దండేసి ఊరుకుంటే సరిపోతుందా? ఏప్రిల్ 12 చుట్టుపక్కల ఒక్కోసారి, భూమి చుట్టూ తిరిగే అంతర్జాతీయ స్పేస్ స్టేషన్ నుంచి హామ్ రేడియోలో (లైసెన్సు తీసుకుని సరదాకి సొంత సెట్టుతో మాట్లాడుకునే రేడియో) బొమ్మలు పంపిస్తారండీ, 145.800 మెగాహెర్ట్జ్ మీద. మన కొబ్బరి చెట్ల మీదుగానే పోతాయి, వినేవాడే ఉండడు.

ఆమధ్య పక్క ఊరి బళ్లో ఆ రోజు సభ పెట్టారు. "సాయంత్రం 6.40కి స్టేషన్ వస్తుంది, పది నిమిషాలే ఉంటుంది, పిల్లల్ని డాబా మీదికి పంపండి మాస్టారూ" అని వారం ముందే చెప్పాను. "అలాగేనండీ, ముఖ్య అతిథిగారు మాట్లాడేశాక" అన్నారు. స్టేషన్ గంటకి 28 వేల కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఆయన ఉపన్యాసం అయ్యేదాకా ఆగుతుందా!

ముగ్గురు పిల్లలు మాత్రం జారుకుని పైకొచ్చారు. పాత టీవీ యాంటెన్నా గొట్టాలు అరమీటరు చొప్పున రెండు ముక్కలు కోసి, వెదురు బొంగుకి వి ఆకారంలో కట్టాను. రేడియో సెట్టు పక్కన ఫోన్ పెట్టాం, వచ్చే చప్పుడుని బొమ్మగా గీసే యాప్ అందులో ఉంది. కీచురాయిలా ఓ కూత మొదలైంది. స్టేషన్ దూరమయ్యేకొద్దీ ఫ్రీక్వెన్సీ దిగిపోతుంది, రైలు దాటిపోతుంటే కూత దిగినట్టు (మా రాజోలుకి రైలు ఇంకా రాలేదు గనక నర్సాపురం వెళ్లి వినాలి). ఒక్కో గీతే పైనుంచి కిందికి, రెండు నిమిషాలకి ఒక బొమ్మ. సగం అయ్యేసరికి కింద స్టేజీ మీద సీరియల్ సెట్లు వెలిగించారు. అంతే, ఆ కరెంటు రొదకి మిగతాదంతా చుక్కలు.

"అంకుల్, హెల్మెట్ వచ్చింది, మొహం రాలేదు" అంది ఓ పాప.

అదే బొమ్మ నెట్‌లో దొరుకుతుంది కదా అంటారు. పులస ఫొటో కూడా దొరుకుతుంది, అన్నంలో కలుపుకోండి!

1983లో అమెరికా వ్యోమగామి ఓవెన్ గారియట్ కొలంబియా స్పేస్ షటిల్‌లోకి చిన్న రేడియో సెట్టు పట్టుకెళ్లి, ఇళ్లల్లో కూర్చున్న హామ్ రేడియో వాళ్లతో మాట్లాడాడు. అంతరిక్షం నుంచి అలా మాట్లాడిన మొదటి మనిషి ఆయనే. 2025 జులైలో మన వ్యోమగామి శుభాంశు శుక్లా స్టేషన్ నుంచి హామ్ రేడియోలోనే బెంగళూరు పిల్లలతో మాట్లాడాడు. పన్నెండేళ్లు నిండిన పిల్లలెవరైనా పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకోవచ్చు. ఈ ముక్క ఆ సభలో ఒక్కరూ చెప్పలేదు.

నాకెందుకింత మంట అంటారా? 96 తుఫానుకి మా ఊళ్లో ఫోన్ స్తంభం ఒక్కటీ నిలబడలేదు. మేం బతికే ఉన్నామని హైదరాబాద్‌లో ఉన్న మామయ్యకి కబురు అందడానికి ఐదు రోజులు పట్టింది. తీగ లేకుండా మాట పోవడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

ఆ సగం బొమ్మ నా ఫోన్‌లో ఇంకా ఉంది. సభకి కట్టిన ఫ్లెక్సీ ఇప్పుడు బడి వెనక మేకల పాక మీద కప్పారు. దాని మీద గగారిన్ కన్నా ముఖ్య అతిథిగారి మొహమే పెద్దది.