48 గుర్రాల బండిలో సరదా ఎంత?

శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ మొదలవగానే మా కారులో ఒక ఆచారం నడుస్తుంది. వెనక సీటులోంచి ఎవరో ఒకరు "ఏసీ ఆపెయ్, బండి ఎక్కదు" అంటారు. నేను బుద్ధిగా బటన్ నొక్కుతాను. నెత్తి మీది బస్తా ఎవరో దించినట్టు బండి ఒక్కసారి ముందుకు సాగుతుంది. అద్దాలు దిగుతాయి, కొండగాలి వస్తుంది, రెండో గేరులో మూడు సిలిండర్ల గరగర మొదలవుతుంది. పెద్ద కార్లున్న మిత్రులకు ఈ ముచ్చట చెబితే జాలిగా చూస్తారు. వాళ్ల బండిలో ఏసీ నడుస్తోందో లేదో ఇంజనుకే పట్టదు మరి.

నా దగ్గరున్నది 2013 నాటి మారుతీ సుజుకీ ఆల్టో 800. 796 సీసీ ఇంజన్, 48 హార్స్‌పవర్, చేత్తో మార్చే అయిదు గేర్లు, 12 అంగుళాల చక్రాలు, బరువు దాదాపు 695 కిలోలు. పొదుపు కోసం పుట్టిన ఇలాంటి బండిని సరదాగా నడిపే బండిగా మార్చవచ్చా అని, సెకండ్ హ్యాండ్‌లో మొదటి కారు కొనుక్కున్న కుర్రాళ్లు నన్ను అడుగుతుంటారు. అడిగేటప్పటికే వాళ్ల దగ్గర జాబితా సిద్ధంగా ఉంటుంది: అలాయ్ వీల్స్, వెడల్పు టైర్లు, వీధి మొత్తం వినిపించే సైలెన్సర్. మార్చవచ్చనే నేనూ అంటాను. కాకపోతే ఆ జాబితాలో ఒక్కటీ అక్కర్లేదు. తగిలించాల్సినవి తక్కువ, తీసేయాల్సినవి ఎక్కువ. బండి కన్నా ముందు మన కాళ్ల అలవాట్లు మారాలి.

ముందు లెక్క చూద్దాం. ఒక్కడినే కూర్చుంటే బండీ నేనూ కలిసి 765 కిలోలు. నలుగురు పెద్దవాళ్లం, సామాను సర్దుకుని బయల్దేరితే వెయ్యి కిలోలకు దగ్గర పడతాం. అదే ఇంజన్ మీద దాదాపు 30 శాతం అదనపు మోత. పెద్ద ఇంజన్ల కార్లలో ఈ తేడా లీలగా తెలుస్తుంది. ఇక్కడ బండి స్వభావమే మారిపోతుంది. చిన్న కారులో ప్రతి పది కిలోలూ లెక్కలోకి వస్తాయన్నది ఇక్కడి మొదటి సంగతి. మిగిలినవన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

ఇంజన్ బలమంతా ఎక్కడ దాగి ఉందో చాలామంది యజమానులు బండి అమ్మేసేదాకా కనుక్కోరు. ఈ ఇంజన్ లాగుడు శక్తి గరిష్ఠంగా అందేది నిమిషానికి 3,500 తిరుగుళ్ల దగ్గర. 48 గుర్రాలూ బయటికి వచ్చేది 6,000 దగ్గర. మనం నేర్చుకున్న డ్రైవింగ్ దీనికి సరిగ్గా వ్యతిరేకం. డ్రైవింగ్ స్కూలు గురువు దగ్గర నుంచి ఇంట్లో మామయ్య దాకా అందరూ చెప్పే మాట ఒక్కటే: త్వరగా పై గేరు వేసేయ్, మైలేజీ వస్తుంది. కంపెనీ ప్రకటించిన మైలేజీ లీటరుకు 22.74 కిలోమీటర్లు. దాన్ని అందుకోవాలన్న తపనలో 40 కిలోమీటర్ల వేగానికే టాప్ గేరు వేసి, పైగా "పికప్ లేదండీ" అని బండిని తిడతారు. నిద్రపోతున్న మనిషి చేతికి బిందె ఇచ్చి నీళ్లు తెమ్మన్నట్టు ఉంటుంది ఆ ఫిర్యాదు. వేడెక్కిన ఇంజనును అప్పుడప్పుడు పై తిరుగుళ్ల దాకా లాగితే పాడైపోతుందన్న భయం కార్బ్యురేటర్ల కాలం నుంచి మనతో పాటు వచ్చేసింది.

అసలు సరదా అంటే వేగమేనా అన్న చోట నాకు చాలామందితో పేచీ. నగర పరిధిలో కార్లకు కేంద్రం పెట్టిన గరిష్ఠ పరిమితి 70 కిలోమీటర్లు. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు మీద 120. మన రోడ్ల మీద 150 హార్స్‌పవర్ కారు నడిపే మనిషి దాని సత్తువలో చిటికెడు వాడి, మిగతాదానికి వాయిదాలు కడుతుంటాడు. నేను రోజూ యాక్సిలరేటర్‌ను నేలకు ఆనిస్తాను, చలానా మాత్రం రాదు. లారీని దాటాలంటే ఎదుటి రోడ్డు ఎంత ఖాళీగా ఉందో ముందే చూసుకోవాలి, గేరు ముందే దించుకోవాలి, మలుపులో కూడగట్టుకున్న ఊపును బ్రేకుతో పారబోసుకోకూడదు. బలమైన కారు ఈ పనులన్నీ తానే చేసేసి నడిపేవాడిని ప్రయాణికుడిని చేస్తుంది. బలహీనమైన కారు పని మిగులుస్తుంది. ఆ పనే నాకు సరదా. 1983 డిసెంబరులో మారుతీ 800 రోడ్డెక్కినప్పుడు మనవాళ్లకు అది చిరుతలా కనిపించడానికీ ఇందులో సగం కారణముంది. అంబాసిడర్ స్టీరింగు పక్కన గేరు కొమ్మను వెతుక్కున్న చేతులకు, చెప్పిన వెంటనే తిరిగే తేలికైన బండి దొరికింది.

కంపెనీలు తలచుకుంటే ఏం చేయగలవో సుజుకీనే జపాన్‌లో చూపించింది. 1987లో అక్కడి ఆల్టోకు టర్బో, అంటే ఇంజనులోకి గాలిని ఒత్తిడితో ఎక్కించి బలం పెంచే పరికరం, తగిలించి ఆల్టో వర్క్స్ అని అమ్మింది. 550 సీసీ లోపు ఇంజన్, 64 హార్స్‌పవర్. అక్కడి కంపెనీలన్నీ ఆ తరగతి కార్లకు ఆ 64నే హద్దుగా పెట్టుకుని ఇప్పటికీ దాటడం లేదు. 2015లో సంగతి ఇంకా ముచ్చటైనది. ఆ ఏడాది మొదట వచ్చిన ఆల్టో టర్బో ఆర్ఎస్‌కు క్లచ్ పెడల్ లేదు. ఏడాది చివర అయిదు గేర్ల మాన్యువల్‌తో వర్క్స్ పేరు తిరిగి వచ్చింది. బరువు 670 కిలోలు, శక్తి అదే 64. మరి డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టారు? ఒళ్లు జారకుండా పట్టి ఉంచే రెకారో సీట్ల మీద, మంచి షాక్ అబ్జార్బర్ల మీద, గేరు రాడ్ కదలిక తగ్గించడం మీద. నడిపేవాడి ఒంటికీ చేతికీ రోడ్డు తెలిసే చోట్ల పెట్టారన్నమాట. టర్బో మనకు అందదు. ఈ చివరి పట్టీ మాత్రం అందుతుంది.

మన దేశంలోనూ ప్రయత్నాలు జరిగాయి. 2017లో మారుతీ నుంచి టర్బో ఇంజనుతో బలెనో ఆర్ఎస్ వచ్చింది. 2018లో టాటా, కోయంబత్తూరుకు చెందిన జయెమ్ కలిసి టియాగో జేటీపీ తెచ్చాయి: టర్బో ఇంజన్, మాన్యువల్ గేర్లు, ధర ఆరున్నర లక్షల లోపు. రెండూ 2020 కల్లా కనుమరుగయ్యాయి. చిన్న కారు కొనే ఇంట్లో నిర్ణయం ఒక్కరిది కాదు. వాకిట్లో కొత్త బండి చూసి పక్కింటాయన అడిగే మొదటి ప్రశ్న మైలేజీ ఎంతని, రెండోది డిక్కీలో ఎన్ని పెట్టెలు పడతాయని. ఆ రెండింటికీ జవాబు చెప్పలేని చిన్న కారు మన దగ్గర బతకదు. అంచేత సరదా కావాలనుకునేవాడు ఉన్న బండిలోనే వెతుక్కోవాలి.

ఇక కుర్రాళ్ల జాబితా. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నంగా మారేలా బండిని సవరించకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా దాన్నే గట్టిగా చెప్పింది. మార్చిన సైలెన్సర్లను పోలీసులు రోడ్డు రోలరుతో తొక్కించే ఫొటోలు పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. చట్టాన్ని పక్కన పెట్టినా ఈ పనుల వల్ల బండి ఇంకా మొద్దుబారుతుంది. 12 అంగుళాల చోట బరువైన 14 అంగుళాల చక్రాలు వేశారనుకోండి. అసలే చాలని ఇంజన్ ఆ బరువును తిప్పాలి, గుంతలో పడ్డ ప్రతిసారీ సస్పెన్షన్ దాన్ని అదుపు చేయాలి. టైరు చుట్టుకొలత పెరిగితే ప్రతి గేరూ మరింత బరువుగా లాగుతుంది. చూడటానికి పులి, నడపడానికి ఎద్దుబండి.

నేను చేసినవి చెబుతాను. మొదట డిక్కీ తెరిచాను. రెండు అయిదు లీటర్ల నీళ్ల క్యాన్లు, క్రితం సంక్రాంతికి ఊరి నుంచి తెచ్చి దించడం మరచిన బియ్యం మూట, ఒక గొడుగు, రెండు క్రికెట్ బ్యాట్లు, ఎప్పుడో గుడికి తీసుకెళ్లి కొట్టకుండా తెచ్చిన కొబ్బరికాయ. ముప్పయి కిలోలకు పైగానే తేలింది. కార్పెట్ మీద వేసిన రెండు పొరల మ్యాట్లూ తీసేశాను. అవి క్లచ్ పెడల్ కిందికి జారుతున్నాయి కూడా. తరువాత టైర్లు. అరుగుదల పైకి కనిపించకపోయినా ఏడేళ్లవి, రబ్బరు రాయిలా గట్టిపడింది. అదే సైజులో కొత్తవి వేయించి, చక్రాలు తిన్నగా ఉండేలా అలైన్‌మెంట్ చేయించి, ముందు సస్పెన్షన్‌లోని రబ్బరు బుష్‌లు మార్పించాను. వదులైన క్లచ్ కేబుల్ బిగించడానికి మెకానిక్‌కు పది నిమిషాలు పట్టింది. గాలి మాత్రం బంకులో కుర్రాడి అంచనాకు వదలకుండా, డోరు దగ్గర స్టికరులో ఉన్న అంకె చూసి కొట్టిస్తున్నాను.

తేడా మొదటి మలుపులోనే తెలిసింది. ఇదివరకు స్టీరింగ్ తిప్పాక బండి ఒక క్షణం ఆలోచించుకుని తిరిగేది. ఇప్పుడు చేయి కదిలితే ముందు చక్రాలు కదులుతున్నాయి. మొత్తానికి అయిన ఖర్చు అలాయ్ వీల్స్, వెడల్పు టైర్లకు పెట్టే డబ్బులో సగం కూడా కాదు. బయటి నుంచి చూసేవాళ్లకు మాత్రం ఏమీ మారలేదు, అది కొందరికి పెద్ద లోటు.

ఆ తరువాత కాళ్ల పని. ఘాట్ దిగేటప్పుడు మూడు నుంచి రెండో గేరుకు మామూలుగా దించితే బండి తల ఊపి కుదుపుతుంది. వెనక కూర్చున్నవాళ్ల నుదురు ముందు సీటుకు తగులుతుంది. మలుపు రాకముందే, తిన్నటి రోడ్డులో వేగం తగ్గించుకుని, క్లచ్ నొక్కి, గేరు రెండులోకి జారుతున్నప్పుడే యాక్సిలరేటర్‌ను పాదంతో ఒక్కసారి చిన్నగా తట్టాలి. ఇంజన్ "వూం" అని లేచి కింది గేరు వేగాన్ని అందుకుంటుంది. అప్పుడు క్లచ్ వదిలితే కుదుపు ఉండదు, గేరు మారినట్టే తెలియదు. నాకు ఇది కుదరడానికి మూడు నెలలు పట్టింది. ఒకసారి కుదిరినప్పుడు వెనక అత్తయ్య నిద్ర లేవలేదు. అంతకన్నా మెప్పు నేను ఆశించలేదు.

ఇంత చెప్పి అసలు నిజం దాచకూడదు. సాయంత్రం ఆరున్నరకు అమీర్‌పేటలో ఈ సరదా ఏమీ ఉండదు. గంటలో నాలుగు కిలోమీటర్లు, వందల సార్లు క్లచ్, ఎడమ మోకాలి నొప్పి. అక్కడ ఆటోమేటిక్ గేర్ల బండి కొనుక్కున్నవాళ్లను సోమరులనే హక్కు నాకు లేదు. రోజూ ఆ దారిలోనే తిరిగేవాళ్లకు నేనూ అదే సలహా ఇస్తాను.

ఇంతకన్నా పెద్ద విషయం రక్షణ. 2014లో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి చూసినప్పుడు, ఎయిర్‌బ్యాగులు లేని ఆల్టో 800కు పెద్దల రక్షణలో సున్నా స్టార్లు వచ్చాయి. నా బండి తేలికగా, చురుగ్గా ఉండటానికీ ఆ సున్నాకూ మధ్య చుట్టరికం కొంత ఉంది. ఔటర్ మీద 120 అనుమతి ఉన్నా నేను ఎడమ వరుసలో 80 దాటను. ఈ సరదాకు హద్దు అక్కడ ఉంది. ఆ హద్దు లోపలే దొరకడమే దీని సుగుణం కూడా.

మొన్న ఒక కుర్రాడు తన బండి చూపించాడు. నల్ల అలాయ్‌లు, బానెట్ మీద రెండు ఎర్ర చారలు. ఒక రౌండ్ నడపమన్నాడు. రెండో వీధిలోనే స్టీరింగ్ ఎడమకు లాగుతోందని తెలిసింది. అలైన్‌మెంట్ ఎప్పుడు చేయించావని అడిగాను. ఈ నెల చారలకే అయిపోయిందన్నాడు.