మామిడి, పీపా, ఎండ: చిత్తూరులో సొలేరా లెక్కలు

తిరుపతిలో మా వీధి చివర ఉండే రిటైర్డ్ ఇంజనీరు ఒకాయన కిందటి ఏడాది అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లి వస్తూ 5 లీటర్ల ఓక్ పీపా ఒకటి తెచ్చుకున్నారు. లోపలి వైపు కాల్చి నల్లబరచిన చెక్క, చుట్టూ ఇనుప పట్టీలు, చిన్న చెక్క కుళాయి. బొమ్మల కొలువులో పెడితే అందరూ ముచ్చటపడతారు. అక్కడ కొందరు ఇంట్లోనే మద్యం కాచి, ఇలాంటి పీపాలు మూడో నాలుగో వరుసగా అమర్చి, సొలేరా అనే పద్ధతిలో ఏళ్ల తరబడి ఊరబెడతారని ఆయన విని వచ్చారు. "మన తోతాపురితో చేస్తే ఎలా ఉంటుందంటారు?" అని నన్ను అడిగారు. ఎక్సైజ్ కేసవుతుందని చెప్పి నవ్వేశాను. ఆ తరువాత కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. పీపాలో ఏం పోయాలన్న దగ్గర ఆయన పొరబడ్డారు కానీ, పద్ధతి మాత్రం మా ఉమ్మడి చిత్తూరు జిల్లాకు పనికొచ్చేదే.

సొలేరా పుట్టిల్లు స్పెయిన్ దక్షిణ కొసన ఉన్న హెరెజ్. షెర్రీ అనే ద్రాక్ష సారాయానికి ఆ ఊరి పేరే మూలం. స్పానిష్‌లో సువెలో అంటే నేల. నేలకు ఆనుకుని ఉన్న పీపాల వరుస సొలేరా. దాని పైవరుసలను క్రియదేరా అంటారు, మన మాటల్లో నారుమడి. తాగడానికి, అమ్మడానికి తీసేది కింది వరుస నుంచే, అదీ ఏడాదికి మూడో వంతు దాటకుండా. అక్కడ తగ్గినంత పైవరుస నుంచి దింపుతారు. ఆ వరుసలో తగ్గినది దాని పైవరుస తీరుస్తుంది. కొత్త సరుకు అన్నిటికంటే పై వరుసలోకి వెళుతుంది. ఏ పీపానూ ఎన్నడూ పూర్తిగా ఖాళీ చేయరు. ఈ ఏడాది పంట బాగున్నా బాగులేకున్నా సీసాలోకి వచ్చే రుచి మాత్రం నిరుటిలాగే ఉంటుంది.

ఇది మనకు తెలియని విద్యేమీ కాదు. నిన్నటి పెరుగులో చెంచాడు తీసి ఇవాళ్టి పాలకు తోడు వేసే ప్రతి ఇల్లూ చిన్న సొలేరాయే. వెనకటి ఇళ్లలో తరవాణి కుండ ఉండేది. రోజూ అన్నం వార్చిన గంజి అందులో పోసేవారు, పులిసిన నీళ్లు కొంత వంచుకునేవారు, అడుగు మాత్రం ఖాళీ కానిచ్చేవారు కాదు. ఆ కుండను అత్తగారు కోడలికి అప్పజెప్పేదంటే అతిశయోక్తి అనుకునేవారు హెరెజ్ పీపాల వయసు ఒకసారి కనుక్కోవాలి. తేడా ఒక్కటే. వాళ్లు ఆ పనికి లెక్కలు రాసుకుని ప్రపంచానికి అమ్మారు. మనం కుండను అటక మీదికి ఎక్కించి ఫ్రిజ్ కొన్నాం.

లెక్క సరదాగానే ఉంటుంది. ఒక పీపా నుంచి ఏటా మూడో వంతు తీసి కొత్తది పోస్తూ పోతే, కొన్నేళ్లకు అందులోని సరుకు సగటు వయసు 3 ఏళ్ల దగ్గర కుదురుకుంటుంది. మూడు వరుసలుంటే కింది వరుసలో అది 9 ఏళ్లు. ఎంత కాలం నడిపినా అంతకు మించి పెరగదు. మొట్టమొదట పోసిన సరుకు మాట చెప్పాలంటే, పదేళ్ల తరువాత ఒక పీపాలో మిగిలేది నూటికి 1.7 వంతు. మా ఇంజనీరుగారి 5 లీటర్ల పీపాలో అది 90 మిల్లీలీటర్లయినా ఉండదు. కొన్ని రమ్ముల సీసాల మీద సొలేరా పేరు పక్కన పెద్ద అంకె కనబడితే దాన్ని వయసనుకుని మురిసిపోకూడదు. ఆ అంకె చాలాసార్లు అందులో కలిసిన అతి పాత బొట్టుది. స్కాచ్ వాళ్ల నియమం ఇందుకు పూర్తిగా తలకిందులు, అక్కడ సీసా మీద రాయవలసింది అన్నిటికంటే చిన్న సరుకు వయసు.

ఇక ఇంటి పీపా. ఆకారం ఒకటే అయినప్పుడు 200 లీటర్ల పీపాతో పోలిస్తే 5 లీటర్ల పీపాలో ఒక్కో లీటరుకు తగిలే చెక్క దాదాపు మూడున్నర రెట్లు. తొందరగా రంగు, ఘాటు వస్తాయని చిన్న పీపాల అభిమానులు సంతోషించేది ఇందుకే. రంగు వచ్చినంత త్వరగా పాతదనం రాదు. చెక్క సందుల్లోంచి గాలి మెల్లగా లోపలికి చేరి, ఘాటైన రసాయనాలు ఒక్కొక్కటే మెత్తబడటానికి పట్టే కాలం పట్టవలసిందే. ఆలోగా చిన్న పీపాలోది చెక్క కషాయమై కూర్చుంటుంది. హెరెజ్ వాళ్లు సొలేరాకు వాడేవి 500 లీటర్లకు పైబడిన పీపాలు, అవి కూడా చెక్క సారమంతా ఎప్పుడో ఊడ్చుకుపోయిన ముసలివి. కొత్తగా కాల్చిన చిన్న పీపాతో సొలేరా నడుపుతామనడం ఆ పద్ధతిని తిరగేసి పట్టుకోవడమే.

పైగా మన ఎండ ఒకటుంది. పీపాలోంచి ఏటా ఆవిరైపోయేదాన్ని స్కాట్లాండులో దేవదూతల వాటా అంటారు, అక్కడ అది నూటికి 2 వంతులు. మనకు పొరుగున ఉన్న బెంగళూరులో విస్కీ చేసే అమృత్ డిస్టిలరీ వాళ్లకు పోయేది 10 నుంచి 12 వంతులు. బెంగళూరే అంటే ఇక మేలో 40 డిగ్రీలు దాటే తిరుపతి సంగతి చెప్పాలా? 12 వంతులే అనుకుని చూసినా, 5 లీటర్ల పీపాలు మూడింటిలో ఏడాదికి 1.8 లీటర్లు గాలిలో కలుస్తుంది. అడుగు పీపా నుంచి ఇంటాయన తీసుకునే మూడో వంతు 1.7 లీటర్ల లోపే. ఏడుకొండలవాడి ఊరు కాబట్టి దేవదూతల వాటా కాస్త ఎక్కువైనా ఫరవాలేదంటారేమో. చిన్న పీపాలో అది ఇంకా ఎంత పెరుగుతుందో మాత్రం నేను లెక్క కట్టలేదు, ఆయన మనసు కష్టపెట్టడం ఇష్టం లేక.

ఇప్పటిదాకా సరదా. ఇంట్లో కాచే మద్యం విషయంలో మాత్రం నాకు సరదా లేదు. మామిడిలో పెక్టిన్ అనే జిగురు ఎక్కువ. పండు పులిసేటప్పుడు దాని నుంచి మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ కొంత పుడుతుంది. పులిసిన రసంలో అది కొద్దిపాటిగానే ఉంటుంది. బట్టీ పెట్టి కాచినప్పుడు చిక్కబడుతుంది. మొదట దిగే కాస్త పారబోస్తే చాలునన్న ధీమా తప్పు, మిథనాల్, తాగే ఆల్కహాల్ గీత గీసినట్టు విడిపోవు. పీపాలో ఎన్నేళ్లు ఉంచినా మిథనాల్ మంచిదిగా మారదు. పరికరాలు, పరీక్షలు లేని వంటింట్లో ఆ పని చేయడం కళ్లను పణంగా పెట్టడమే.

దీనికి తోడు ఈ ప్రాంతానికి ఒక జ్ఞాపకం ఉంది. 1992లో పక్క జిల్లా నెల్లూరులోని దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటం చిత్తూరు పల్లెలకూ పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ నిషేధం 1997లో పోయింది కానీ సారా మీద నిషేధం పోలేదు. ఇవాళ్టికీ వార్తల్లో బెల్లం ఊట ధ్వంసం అన్న మాట వారానికోసారి కనబడుతుంది. చిత్తూరు బెల్లం వ్యాపారికి నల్లబెల్లం మీద పడే అనుమానపు చూపు కొత్త కాదు. 2025 అక్టోబరులో ములకలచెరువులో నకిలీ మద్యం తయారీ కేంద్రం బయటపడినప్పుడు జనం విస్తుపోయింది ఆ పని ఎంత సులువో తెలిసి. స్పిరిట్, రంగు, వాసన, మూత, లేబుల్. కాలం ఇవ్వవలసిన రంగును కారమెల్ ఒక్క నిమిషంలో ఇస్తుంది. నకిలీ సరుకులో ఉండని దినుసు ఒక్కటే, ఏళ్లు.

సొలేరా నాకు నచ్చింది ఆ దినుసు వల్లే. చిత్తూరు మామిడి వ్యాపారంలో లేనిదీ అదే.

2025 జూన్ గుర్తు చేసుకోండి. దామలచెరువు, బంగారుపాళ్యం మార్కెట్ల ముందు, గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల ముందు తోతాపురి ట్రాక్టర్లు బారులు తీరాయి. నిరుటి గుజ్జే అమ్ముడుపోలేదని ఫ్యాక్టరీలవాళ్లు అన్నారు. కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 ఇవ్వాలని తీర్మానించారు. కర్ణాటక కాయ జిల్లాలోకి రాకుండా ఆపారు. ఆ వారాల్లో కొందరు రైతులు కాయలు రోడ్డు పక్కన పారబోసి ఇంటికి వెళ్లారు. దేశంలో మామిడి గుజ్జుకు పెట్టింది పేరైన రెండు మూడు చోట్లలో ఒకటైన ఈ జిల్లాలో నిరుటి సరుకు మిగలడం శాపం. హెరెజ్‌లో నిరుటి సరుకు మిగలకపోతే శాపం.

అలాగని మామిడి బ్రాందీ కాచే డిస్టిలరీలకు లైసెన్సులు ఇమ్మంటున్నానా? గోవా తన జీడిపండు మద్యం ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది కదా, మనకేం తక్కువ అనే వాదన ఉంది. చల్లగా ఉండే పలమనేరు వైపు గిడ్డంగులు కట్టి పెద్ద పీపాల్లో చేస్తే సాంకేతికంగా కుదరని పనేమీ కాదు. కానీ మద్యం ఆదాయానికి అలవాటు పడ్డ ఖజానాకు ఇంకొక రుచి చూపించాలని నాకు లేదు. దూబగుంట తరువాత ముప్పై ఏళ్లకు పైగా గడిచినా ఆ ఆడవాళ్లకు మనం జవాబు చెప్పిన దాఖలా లేదు.

నా చూపు స్పెయిన్ మీది నుంచి కాస్త తూర్పుకు, ఇటలీలోని మోదెనా మీదికి మళ్లుతోంది. అక్కడ సొలేరాకు చుట్టమైన పద్ధతిలో బాల్సమిక్ వెనిగర్ చేస్తారు. కాచి చిక్కబరచిన ద్రాక్షరసం పులిసి, ఒకదానికంటే ఒకటి చిన్నవైన పీపాల వరుసలో ఊరుతుంది. అన్నిటికంటే చిన్న పీపా నుంచి కొద్దిగా తీస్తారు, దాన్ని తరువాతి పెద్ద పీపాతో నింపుతారు. కనీసం 12 ఏళ్లు గడిస్తే గానీ సంప్రదాయ బాల్సమిక్ అనే పేరు పెట్టనివ్వరు, మరీ పాతది అనాలంటే 25 ఏళ్లు. అమ్మేది 100 మిల్లీలీటర్ల సీసాలో. ఆ పీపాలను చల్లని నేలమాళిగలో దాచరు. వేసవిలో మాడిపోయే అటక మీద పెడతారు. అక్కడ ఆవిరి నష్టం కాదు, సరుకు చిక్కబడటానికి అదే దారి. మద్యానికి శత్రువైన ఎండ వెనిగర్‌కు పనివాడు. పీపా చిన్నదైతే మద్యానికి వచ్చే చేటు కూడా ఇక్కడ చాలావరకు ఉపయోగమే. ఓక్‌తో పాటు చెస్ట్‌నట్, చెర్రీ, మల్బరీ చెక్కలు కూడా వాళ్లు వాడతారు. కుప్పం, పలమనేరు వైపు మల్బరీ మనకు పట్టుపురుగులు మేసే పొదగానే తెలుసు. దాన్ని మానుగా పెరగనిస్తే పీపా అవుతుందని ఎవరికి తడుతుంది?

తోతాపురి గుజ్జులో కరిగిన చక్కెరలు 14 బ్రిక్స్‌కు, అంటే నూటికి సుమారు 14 వంతులకు, తగ్గవు. పులియబెడితే 7, 8 శాతం ఆల్కహాల్ వస్తుంది. అది వెనిగర్‌గా మారేటప్పుడు కొంత పోయినా 5 శాతం ఆమ్లం నిలుస్తుంది. పులియబెట్టి చేసిన వెనిగర్‌కు మన ఆహార ప్రమాణాలు అడిగేది కనీసం 3.75 శాతం. పండు బరువులో మూడో వంతుకు పైగా తొక్క, టెంక రూపంలో ఫ్యాక్టరీ వెనక గుట్టలు పడుతుంది. ఆ తొక్కకు అంటుకున్న గుజ్జు కడిగిన నీళ్లు కూడా మామూలు రకం వెనిగర్‌కు పనికొస్తాయి. పులియబెట్టే నైపుణ్యం ఊళ్లో లేదనడానికీ వీల్లేదు. చంద్రగిరి దగ్గర నరసింగాపురంలో టీటీడీ ఆయుర్వేద ఔషధశాల ఉంది. ఆసవాలు, అరిష్టాలు ఆయుర్వేదం ఎరిగిన పాత విద్య, వాటిలో ఆల్కహాల్ తనంతట తానే పుడుతుంది. దాన్ని చూసి ఎవరూ సారా అనరు.

ఒక మాట దాచుకోకుండా చెప్పాలి. ఇలాంటి పీపాలు వెయ్యి పెట్టినా తోతాపురి దిగుబడిలో అది గోరంత. కిలో ధర దీనితో 8 నుంచి 20కి ఎగబాకదు. అప్పు తెచ్చి తోట కాపాడుకున్న రైతును పన్నెండేళ్లు ఆగమనడం క్రూరం కూడా. ఆగగలిగేది గుజ్జు ఫ్యాక్టరీలు, లేదా సంఘంగా ఏర్పడిన రైతులు, వెనక బ్యాంకు ఉంటేనే. గిడ్డంగిలోని పసుపు మీద, మిర్చి మీద అప్పు ఇచ్చే బ్యాంకు ఏటేటా విలువ పెరిగే పీపా మీద ఎందుకు ఇవ్వకూడదు? అడ్డంకి నిజానికి ఇంకో చోట ఉంది. వెనిగర్ అయ్యే ముందు కొన్ని వారాల పాటు పీపాలో ఉండేది ఆల్కహాలే. ఆ వారాల్లో అది ఎవరి పరిధి, ఎక్సైజ్ వాళ్లదా, ఆహార భద్రత వాళ్లదా? ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చుని, ఎంత పరిమాణం వరకు, ఏ రిజిస్టరు రాస్తే, ఎవరు తనిఖీకి వస్తారో ఒక పేజీలో రాసి ఇవ్వాలి. సీసా మీద సగటు వయసే వేయాలన్న నియమం కూడా అదే పేజీలో చేర్చితే, 2 ఏళ్ల సరుకు మీద 20 అంకె వేసే తెలివి మొదట్లోనే ఆగుతుంది.

మా ఇంజనీరుగారికి ఇదంతా చెప్పాను. బ్రాందీ ఆశ పోయిందని మొహం చిన్నబుచ్చుకున్నారు. కాసేపటికి మేడ మీద పడమటి ఎండ తగిలే గది ఖాళీగానే ఉందని ఆయనే అన్నారు. కానీ ఆయనకు పన్నెండేళ్లు ఆగడం కంటే మొదటి నెల గడవడం మీదే బెంగ ఎక్కువ. పులిసే మామిడి వాసన బెల్లం ఊట వాసనకు మరీ దూరమేమీ కాదు, పక్కింటివాళ్లు ఎక్సైజ్ స్టేషనుకు ఫోను చేస్తే ఏం చూపించాలని అడిగారు. చూపించడానికి ఇప్పటికి ఏ కాగితమూ లేదు. పీపా ప్రస్తుతానికి ఆయన టీవీ పక్కనే ఉంది.