లైనక్స్ సర్వర్‌కూ కాపలా కావాలి

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత కంప్యూటర్లు నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతంలో ఆఫీసుల్లో, కాలేజీ ల్యాబుల్లో, మిర్యాలగూడ రైస్ మిల్లుల లెక్కల గదుల్లో ఇంకా పనిచేస్తూనే ఉన్నాయి. వాటిని తుక్కు కింద అమ్మేయకుండా లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లో రకాలైన ఉబుంటునో, మన ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసిన బాస్ లైనక్స్‌నో వేసుకుని వాడుకోవడం మంచి నిర్ణయం. దాన్ని మేము మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాం. మా ఆందోళనంతా దాని వెంట వస్తున్న ఒక నమ్మకం గురించి: లైనక్స్‌కు వైరస్ రాదు, యాంటీవైరస్ దండగ ఖర్చు అని.

అందులో సగం నిజం లేకపోలేదు. లైనక్స్‌లో మామూలు యూజర్‌కు సిస్టమ్ ఫైళ్లను ముట్టుకునే హక్కు ఉండదు. డౌన్‌లోడ్ చేసిన ఫైల్ దానంతటది ప్రోగ్రామ్‌గా నడవదు. సాఫ్ట్‌వేర్ ఎక్కువగా సంతకం సరిచూసిన ప్యాకేజీల రూపంలోనే వస్తుంది. అయినా ఇంటర్నెట్‌ను మొదటిసారి అతలాకుతలం చేసిన మోరిస్ వర్మ్ (తనంతట తానే పాకే ప్రోగ్రామ్) 1988 నవంబర్‌లో పాకింది లైనక్స్‌కు నమూనా అయిన యూనిక్స్ యంత్రాల మీదే. 2017 జూన్‌లో దక్షిణ కొరియాలోని నయానా అనే వెబ్ హోస్టింగ్ కంపెనీలో 153 లైనక్స్ సర్వర్లను ఎరిబస్ అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లను తెరవకుండా చేసి డబ్బు అడిగే ప్రోగ్రామ్) తాళం వేసేసింది. సుమారు 3,400 వెబ్‌సైట్లు పడిపోయాయి. ఆ కంపెనీ దాదాపు పది లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. అక్కడ వెబ్‌సైట్లను నడిపించే అపాచీ, పీహెచ్‌పీ సాఫ్ట్‌వేర్ల వెర్షన్లు 2006 నాటివని ఆ తర్వాత బయటపడింది. పదకొండేళ్ల పాత సాఫ్ట్‌వేర్‌ను ఏ ఆపరేటింగ్ సిస్టమూ కాపాడలేదు.

ఇక ఫైల్ సర్వర్ సంగతి వేరు. ఒక ఆఫీసులో లైనక్స్ సర్వర్ మీద సాంబా (విండోస్ కంప్యూటర్లతో ఫైళ్లు పంచుకునే సాఫ్ట్‌వేర్) పెట్టి అందరూ వాడే షేర్డ్ ఫోల్డర్ ఇస్తారు. దానికి కలిసే కంప్యూటర్లలో ఎక్కువ భాగం విండోస్‌వే. ఎవరో జిరాక్స్ సెంటర్‌లో ప్రింట్ తీయించుకొచ్చిన పెన్‌డ్రైవ్ పెడతారు, అందులోని ఫైల్ షేర్డ్ ఫోల్డర్‌లోకి చేరుతుంది. విండోస్ వైరస్ లైనక్స్‌ను ఏమీ చేయదు, నిజమే. కానీ తనకు జ్వరం రాకుండానే ఇంటిల్లిపాదికీ అంటించే మనిషిలా ఆ సర్వర్ దాన్ని మోస్తూ, అడిగిన ప్రతి కంప్యూటర్‌కూ అందిస్తుంది. ఫైల్ సర్వర్‌లో యాంటీవైరస్ ఉండాలనేది ప్రధానంగా ఇందుకే.

దీనికి డబ్బు అడ్డం కాదు. క్లామ్‌ఏవీ అనే యాంటీవైరస్ పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్. ఇప్పుడు సిస్కో కంపెనీకి చెందిన టాలోస్ బృందం దాన్ని నడిపిస్తోంది. సాంబాలో 4.8 వెర్షన్ నుంచి వైరస్‌ఫిల్టర్ అనే మాడ్యూల్ ఉంది. ఫైల్ తెరిచేటప్పుడే క్లామ్‌ఏవీతో తనిఖీ చేయించి, వైరస్ ఉంటే అక్కడే ఆపేస్తుంది. ఉద్యోగులు వాడే లైనక్స్ కంప్యూటర్లలో అయితే క్లామ్‌ఏవీతో వచ్చే క్లామోనాక్ అనే ప్రోగ్రామ్ ఎంచుకున్న ఫోల్డర్లను కనిపెట్టుకుని ఉంటుంది.

అయితే ఇన్‌స్టాల్ చేయగానే పని అయిపోయిందనుకునే అలవాటు మనకుంది. చిక్కంతా అక్కడే. క్లామ్‌ఏవీకి వైరస్ గుర్తుల జాబితా మొత్తం మెమరీలో ఉండాలి. అందుకు కనీసం 3 జీబీ ర్యామ్ కావాలి. 2 జీబీ ఉన్న పాత మెషీన్‌ను సర్వర్‌గా మార్చి దాని మీద ఇది వేస్తే, మెమరీ చాలక స్కానర్ మధ్యలో ఆగిపోవచ్చు. ఆగినట్టు ఎవరికీ తెలియదు. క్లామోనాక్ కూడా మామూలు సెట్టింగ్‌లో వైరస్ కనబడితే చెబుతుందే తప్ప ఫైల్‌ను అడ్డుకోదు, అడ్డుకోవాలంటే విడిగా ఆన్ చేయాలి. పరిమితికి మించిన పెద్ద ఫైళ్లను స్కానర్ పూర్తిగా చూడదు, పైగా అలా వదిలేసినట్టు మామూలుగా హెచ్చరించదు కూడా. గద్వాల, పోచంపల్లి చీరల డిజైన్ ఫైళ్లు, డీటీపీ పేజీలు దాచుకునేవాళ్లు దీన్ని ప్రత్యేకంగా గమనించాలి. రక్షణ నిజంగా పనిచేస్తోందా అని తేల్చుకోవడానికి ఐకార్ టెస్ట్ ఫైల్ ఉంది. 68 అక్షరాల ఆ ఫైల్ ఎవరికీ హాని చేయదు, కానీ ప్రతి యాంటీవైరస్సూ దాన్ని పట్టుకోవాలి. షేర్డ్ ఫోల్డర్‌లో దాన్ని పెట్టి చూసిన ఆఫీసులు మన జిల్లాల్లో ఎన్ని ఉన్నాయి?

అన్నీ సరిగ్గా పెట్టినా యాంటీవైరస్ ఆపలేని దాడి ఒకటుంది. రాన్సమ్‌వేర్ సోకిన విండోస్ కంప్యూటర్ నుంచి ఒక ఉద్యోగి లాగిన్‌తో షేర్డ్ ఫోల్డర్‌లోని ఫైళ్లన్నీ ఒక్కొక్కటిగా తాళం పడుతుంటే, సర్వర్‌కు అది అనుమతి ఉన్న మనిషి ఫైళ్లు సేవ్ చేసుకుంటున్నట్టే కనిపిస్తుంది. తాళం పడ్డ ఫైల్ వైరస్ కాదు కాబట్టి స్కానర్ నోరెత్తదు. అప్పుడు ఆదుకునేది బ్యాకప్ ఒక్కటే. అదీ రోజంతా నెట్‌వర్క్‌కు తగిలించి ఉంచిన హార్డ్‌డిస్క్ అయితే లాభం లేదు. ఢిల్లీ ఎయిమ్స్‌పై 2022 నవంబర్‌లో జరిగిన దాడిలో ఐదు సర్వర్లలోని సుమారు 1.3 టీబీ డేటాకు తాళం పడింది. రోజుల తరబడి ఓపీ చీటీలు చేత్తో రాశారు. చివరికి ఈ-హాస్పిటల్ డేటా దక్కింది దాడి తగలని బ్యాకప్ సర్వర్ నుంచే. అచ్చంపేట నుంచో దేవరకొండ నుంచో పొద్దున్నే బస్సెక్కి జిల్లా ఆస్పత్రికి వచ్చిన రోగికి సిస్టమ్ పనిచేయడం లేదన్న జవాబు ఎంత కష్టమో మాకు తెలుసు. వాళ్ల రిపోర్టులు పోతే మళ్లీ పరీక్షలు చేయించుకునే స్తోమత అందరికీ ఉండదు.

మన జిల్లాల్లో లోపించింది సాఫ్ట్‌వేర్ కాదు, బాధ్యత తీసుకునే మనిషి. సర్వర్ పెట్టిన కాంట్రాక్టర్ హైదరాబాద్‌లో ఉంటాడు. పాడైనప్పుడు ఫోన్ చేస్తే వస్తాడు. అప్‌డేట్లు, స్కాన్ లాగ్‌లు (సిస్టమ్ రాసిపెట్టే రికార్డులు) రోజూ చూడాల్సిన పని ఔట్‌సోర్సింగ్ ఆపరేటర్ మీద పడుతుంది. ఆయనకు ఆ పని ఎవరూ నేర్పలేదు, సర్వర్‌పై పూర్తి అధికారం ఇచ్చే రూట్ పాస్‌వర్డూ ఇవ్వలేదు. ఇందులో ఆపరేటర్‌ను తప్పు పట్టడం అన్యాయం. నల్లగొండలో మహాత్మా గాంధీ యూనివర్సిటీ, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ ఉన్నాయి. అక్కడ కంప్యూటర్ కోర్సులు చదివే పిల్లలకు లైనక్స్ సర్వర్ నిర్వహణలో శిక్షణ ఇచ్చి, జిల్లాకు ఇద్దరు ముగ్గురిని జీతం మీద నియమిస్తే ఈ లోటు చాలావరకు తీరుతుంది. ఉచిత సేవ పేరుతో విద్యార్థులతో వెట్టి చేయించడాన్ని మాత్రం మేము ఒప్పుకోం.

చట్టం ఊరికే కూర్చోలేదు. సైబర్ దాడి సంగతి తెలిసిన ఆరు గంటల్లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు చెప్పాలని, లాగ్‌లు 180 రోజులు దాచాలని 2022 ఏప్రిల్‌లోనే ఆదేశాలొచ్చాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, తగిన భద్రత పాటించకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయవచ్చంటోంది. స్కానర్ ఎప్పుడు ఆగిందో కూడా తెలియని ఆఫీసు ఆరు గంటల్లో ఏం చెబుతుంది?

మార్చి 31తో ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది. ఏఎంసీ (వార్షిక నిర్వహణ) ఒప్పందాలు మళ్లీ రాసుకునేటప్పుడు కలెక్టర్లు, మెడికల్ సూపరింటెండెంట్లు, రిజిస్ట్రార్లు కొన్ని షరతులు అందులో చేర్చాలి: భద్రతా అప్‌డేట్లు వారంలోగా వేయాలి. నెలకోసారి టెస్ట్ ఫైల్‌తో స్కానర్‌ను పరీక్షించి లిఖితపూర్వకంగా ఇవ్వాలి. నెట్‌వర్క్‌కు దూరంగా ఉంచిన బ్యాకప్ నుంచి మూణ్నెల్లకోసారి ఫైళ్లను వెనక్కి తెచ్చి చూపించాలి. అవి చూపించే దాకా బిల్లు పాస్ చేయకూడదు.