వకారం, బకారం, పాస్‌వర్డు

ఒడిశాలోని బరంపురంలో పుట్టి, ప్రతి దరఖాస్తునూ మూడు లిపుల్లో నెగ్గించుకుంటూ వయసు మీద పడిన తెలుగువాడిగా కంప్యూటరు పండితులకు ఒక విన్నపం చేసుకుంటున్నాను. యాదృచ్ఛికంగా పాస్‌వర్డులు పుట్టించే ఫంక్షన్లు అనే ప్రోగ్రాము ముక్కల కోసం వారు ఇంతగా శ్రమపడనక్కరలేదు. ఆ విద్య మా జిల్లాలో ఫారాలు నింపే బల్లల దగ్గర ఏనాటి నుంచో వర్ధిల్లుతూ ఉంది.

ముందుగా నా మేనల్లుడి ఘనకార్యం చెప్పాలి. పాత బస్టాండు దగ్గరి అద్దె గదిలో కూర్చుని, మా వీధి పొదుపు సంఘంలోని నలభై మందికి ఎనిమిదేసి అక్షరాల పాస్‌వర్డులు పంచే ఫంక్షన్‌ను అతడు పైథాన్ అనే కంప్యూటరు భాషలో రాశాడు. పట్టుమని పది వరుసలు లేవు. గడియారంలోని సెకనును విత్తుగా నాటడం, ఆ విత్తుకు మొలిచిన సంఖ్యలను బట్టి అక్షరాలు ఏరుకోవడం, అంతే. మీట నొక్కగానే ప్రింటరు నలభై చీటీలు కక్కింది. నలభై చీటీల మీదా ఒకే పాస్‌వర్డు ఉంది. సెకను మారేలోగా కంప్యూటరు నలభై సార్లూ అదే విత్తు నాటి, అదే పంట కోసింది. మావాడు తొణకలేదు. “ఒక్కొక్కరికీ మధ్య ఒక సెకను ఆగమంటే సరి, మావయ్యా” అంటూ మరో వరుస చేర్చాడు. ఈసారి చీటీలకు నలభై సెకన్లు పట్టినా పాస్‌వర్డులు మాత్రం నలభై రకాలుగా వచ్చాయి. ప్రతి చీటీ నెత్తినా తేదీ, గంట, నిమిషం, సెకను అచ్చయి ఉండడం సంఘం అధ్యక్షులవారికి గొప్ప క్రమశిక్షణగా తోచింది.

ఇందులోనూ రంధ్రాన్వేషణ చేసేవారు ఉంటారు. పెద్దవీ చిన్నవీ ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు కలిపి 62 గుర్తులతో ఎనిమిది స్థానాలు నింపితే 218 లక్షల కోట్లకు పైగా పాస్‌వర్డులు సాధ్యమనీ, విత్తును గడియారం నుంచి తీస్తే మాత్రం తేదీ తెలిసినవాడు ఆ రోజులోని 86,400 సెకన్లను వరసగా నాటి చూస్తే చాలుననీ వారు వాదిస్తారు. చీటీ నెత్తి చూసినవాడికి ఆ కాస్త శ్రమ కూడా తప్పుతుందన్న సంగతి వారు మరిచిపోతారు.

విత్తుకు సంఖ్యలు మొలిపించే పైథాన్ రాండమ్ మాడ్యూలు లోపల తిరిగేది 1997లో మాత్సుమోతో, నిషిమురా అనే ఇద్దరు జపాన్ గణితజ్ఞులు నిర్మించిన మెర్సెన్ ట్విస్టర్. దాని చక్రం మళ్లీ మొదటికి రావాలంటే 19,937 రెండ్లను ఒకదానితో ఒకటి హెచ్చించి ఒకటి తీసివేసినన్ని అడుగులు పడతాయి కనుక బ్రహ్మకల్పాలు దాని ముందు చిన్నబోతాయి. అయినా అది వరసగా వదిలిన 32 బిట్ల సంఖ్యలను 624 చూసినవాడు ఇక రాబోయేవన్నీ చెప్పేయగలడు. మా వైపు సిద్ధాంతులు ఇంత కచ్చితంగా వాన రాకను చెప్పిన దాఖలా లేదు. కాబట్టి దీన్ని పంచాంగం అని పిలవడమే న్యాయం. రహస్యాలకు దీన్ని వాడవద్దని పైథాన్ వారే రాసి పెట్టారు. ఆ పనికోసమే 2016లో సీక్రెట్స్ అనే మాడ్యూలును ఇచ్చారు. పీహెచ్‌పీ అనే మరో కంప్యూటరు భాష వారు అంతకు ఏడాది ముందే రాండమ్ ఇంట్ అనే ఫంక్షన్ ఇచ్చారు. ఇవి గడియారాన్ని నమ్ముకోకుండా, పరికరాల కదలికల్లోని ఎగుడుదిగుళ్లను పోగుచేసుకునే ఆపరేటింగ్ సిస్టమును అడుగుతాయి. మావాడికి ఈ మాట చెబితే, ఉన్నది నడుస్తుండగా కదిలించకూడదన్నాడు.

మంచి సరుకు చేతికి వచ్చినా వడ్డనలో పక్షపాతం ఉండవచ్చు. ఒక బైటులో 256 విలువలు ఉంటాయి. దాన్ని 62తో భాగించి శేషాన్ని బట్టి అక్షరం ఎంచుకుంటే, మొదటి ఎనిమిది గుర్తులకు అయిదేసి అవకాశాలు, మిగిలినవాటికి నాలుగేసి దక్కుతాయి. పంక్తిలో ముందు కూర్చున్న ఎనిమిది మందికి గరిటెడు పులుసు ఎక్కువ పడడం మా పెళ్లిళ్లలోనూ ఉన్నదే.

ఇక నా విన్నపానికి వస్తాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైన నాటి నుంచి మా పేర్లు తెలుగులో పుట్టి, ఒడియాలో తిరిగి, ఇంగ్లీషులో అచ్చవుతున్నాయి. ఒడియా నోట వకారం బకారమవుతుంది, పదం మొదటి యకారం జకారమవుతుంది. మా ఇంటిపేరులో ఆ రెండూ ఉన్నాయి. ఒక కార్డులో యకారం బతికి వకారం పోయింది. మరొకదానిలో రెండూ పోయాయి. మూడోదానిలో రెండూ క్షేమంగా ఉండి, చివరి అచ్చు గల్లంతయింది. అదే నోటితో, అదే పేరును, అదే గుమాస్తాకు రెండుసార్లు చెబితే రెండు పేర్లు వచ్చాయి. ఒకే విత్తుకు ప్రతిసారీ వేరే పంట పండించే ఈ యంత్రాంగాన్ని 624 సార్లు గమనించినా, 625వ సారి ఏమి రాస్తారో చెప్పగల గణితజ్ఞుడు ఇంకా పుట్టలేదు. పాస్‌వర్డుల శాఖను ఆ బల్లకు అప్పగించి, పేర్లు రాసే పనిని నా మేనల్లుడి ఫంక్షన్‌కు ఇవ్వవలసిందని ప్రార్థన.

మొన్న నా పాస్‌వర్డు మరిచిపోయాను. గుర్తింపు కోసం ఇంటిపేరు టైపు చేయమని తెర అడిగింది. మూడు అవకాశాలకు మూడు వర్ణక్రమాలు సమర్పించుకున్నాక ఖాతాకు తాళం పడింది. మేనల్లుడు వచ్చి, సంఘం రిజిస్టరులో నా పేరుకు ఎదురుగా ఉన్న గంట, నిమిషం చూసి, ఆ నిమిషంలోని అరవై సెకన్లను ఒకటొకటిగా నాటి, టీ చల్లారేలోగా నా పాత పాస్‌వర్డును పొల్లుపోకుండా రాసి ఇచ్చాడు.